గాజు గొట్టంలో పోటు

దక్షిణ చైనా తీరాన, షాజింగ్‌లో ఒక సందువాళ్ళకి తెల్లారగానే మొదటి పని బకెట్లు బోర్లించడం. గుమ్మంలో విప్పిన బూట్లు తీసి మేకుకి తగిలిస్తారు, టీ కప్పుల మీద మూతలు పెడతారు. అక్కడి సముద్రాన్ని మట్టి పోసి పూడ్చి, పైన కార్ఖానాలు కట్టి ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు నీళ్ళు చూడాలంటే బస్సెక్కాలి. కానీ సముద్రానికి మాత్రం అలవాటు పోలేదు. పోటు వేళకి వస్తుంది, తన చోటు కనిపించక, నోరు తెరిచి ఉన్న ఏ గిన్నెలోనో ఎక్కి కాసేపు కూర్చుని, ఆటు వేళకి దిగిపోతుంది. బియ్యప్పిండి చుట్టలు ఆవిరి మీద వండి అమ్మే క్వాన్ వదిన పిండిగిన్నె మీద పళ్ళెం బోర్లిస్తూ, "మూత మరిచిన రోజు ఉప్పు వెయ్యక్కర్లేదు" అంటుంది. అంతకు మించి ఎవరూ ఆ సంగతి మాట్లాడరు.

ఆ సందు చివర షియాంగ్ లాన్ కొట్టు. ఆమెది సముద్రం ఎరగని హునాన్. వయసులో ఉండగా ఇక్కడికి వచ్చి, ఈ-సిగరెట్ల కార్ఖానాలో, పొగకి లిక్విడు పోసే చిన్న గాజు ట్యాంకుల్లో కారేవాటిని ఏరే బల్ల దగ్గర కూర్చుంది. ఆ కార్ఖానా ఇంకో ఊరికి తరలిపోయినప్పుడు, గీతలు పడ్డాయని వాళ్ళు వదిలేసిన ట్యాంకుల గాజు గొట్టాలు గోనెల్లో తెచ్చుకుని రిపేరు కొట్టు పెట్టుకుంది.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక పొద్దున ఫుక్‌హోయ్ తాత చొక్కా జేబు తడిపేసుకుని, పుదీనా వాసన కొడుతూ వచ్చాడు. ఇక్కడ సముద్రం ఉన్నంతకాలం ఆల్చిప్పలు పెంచి, రెండేళ్ళకి ఎదిగాక తిండికి అమ్మి బతికినవాడాయన. చేతుల నిండా చిప్పలు కోసిన గీతలే.

"అమ్మాయ్, మా కూతురు మేయ్‌జూ కొనిచ్చిన ఈ వస్తువు పసిపిల్లలాగా పక్క తడుపుతోంది" అని జేబులోంచి ఈ-సిగరెట్టు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ వెదురు గొట్టం ఏమైంది తాతా?"

"నిలువునా చీలింది. చేసేవాడు లేడిప్పుడు."

ఆ వైపు ముసలాళ్ళు పొగ తాగేది చెయ్యంత లావు వెదురు గొట్టంలో. అడుగున నీళ్ళు పోసి, మూతి మొత్తం గొట్టంలో దూర్చి, గుండెల నిండా లాగుతారు. నీళ్ళు గుడగుడమంటేనే వాళ్ళకి పొగ.

లాన్ ట్యాంకు మూత తిప్పింది. "మెడదాకా పోశారేమిటి? గాలికి కాస్త జాగా వదలకపోతే లిక్విడు పొగ వచ్చే నడిమి గొట్టంలోకి దిగిపోతుంది." అడుగు విప్పి, లిక్విడుని కాచి పొగ చేసే తీగచుట్టని, కాయిలుని, బయటికి తీసింది. అందులో దూది నూనెలో మునిగిన వత్తిలా ఉంది. టిష్యూ కాగితం చుట్టి గొట్టంలో దూర్చి తుడిచింది, గాలి కన్నాల్లోంచి ఊదింది, మళ్ళీ బిగించి, కొత్త కాగితం మీద నిలబెట్టింది. "మరక గుండ్రంగా వస్తే రబ్బరు రింగు తప్పు. నడిమధ్య వస్తే కాయిలు."

ఇద్దరూ కాగితం వైపు చూస్తూ కూర్చున్నారు. మరక నడిమధ్యే వచ్చింది. ఆమె కాయిలు మార్చి, దూది తడిసేదాకా ఆగి, "ఏదీ, ఒకసారి లాగండి" అంది.

తాత కళ్ళు మూసుకుని, బుగ్గలు లోపలికి పోయేలా లాగాడు. ట్యాంకు గుడగుడమంది. అడుగు నుంచి బొట్లు బొట్లుగా కారింది.

లాన్ పడీపడీ నవ్వింది. "అది బావిలో మోటారు కాదు తాతా. వేడి టీ చప్పరించినట్టు మెల్లగా లాగాలి. గట్టిగా లాగితే దూది పట్టలేనంత లోపలికి వస్తుంది. ఆ గుడగుడే దాని జబ్బు."

"గుడగుడ జబ్బా? గుడగుడ లేని పొగని మా నాన్న దగ్గు అనేవాడు. హునాన్ మిరపకాయవి, నీకేం తెలుస్తుందిలే."

"సరే, నాకు తెలీదు. మీ చొక్కాకి తెలుసుగా. మేయ్‌జూ ఎలా ఉంది?"

తాత నవ్వు ఆగిపోయింది. మేయ్‌జూ బస్సులో వెళ్ళినా చాలా దూరమైన తైషాన్ తీరంలో తెప్పలు కట్టి ఆల్చిప్పలు పెంచుతోంది. "మూడు వేసవులుగా, తెప్ప కింద వేలాడేసిన దాని తాళ్ళకి ఒక్క చిప్ప పిల్ల అంటుకోలేదు. పిల్లలు లేని తెప్ప ఉత్త కర్ర. చలికాలపు పండగనాడు కొనేవాడు వస్తాడట, అమ్మేసి గోడౌనులో పనికి పోతానంటోంది. మా ఇంట్లో నీళ్ళ మీద మిగిలింది అదొక్కతే అమ్మాయ్."

లాన్ ట్యాంకు ఇంకోసారి తుడిచి ఇచ్చింది.

కొన్నాళ్ళకే తాత మళ్ళీ వచ్చాడు. ఈసారీ జేబు తడిసింది, కానీ పుదీనా వాసన లేదు. లాన్ ట్యాంకు విప్పి, వేలు ముంచి నాలుకకి రాసుకుంది.

"నీళ్ళు పోశారు. అదీ ఉప్పు నీళ్ళు."

"మొదట్లో ఒకసారి అలవాటుకొద్దీ మంచినీళ్ళు పోశాను, ఒప్పుకుంటా. ఉప్పు నీళ్ళెందుకు పోస్తాను, దీన్నేమన్నా ఊరబెడతానా?"

ఆమె రబ్బరు రింగులన్నీ మార్చింది. గాజు మార్చింది. మూత తన చేత్తోనే బిగించి, "నా ముందు లాగండి" అంది. టీ చప్పరించినట్టు లాగితే ట్యాంకు బుద్ధిగా ఉంది. తాత విసుగెత్తి, మీట నొక్కడం కూడా మరిచిపోయి, వెదురు గొట్టాన్ని లాగినట్టు ఒక్క గుక్క లాగాడు. గుడగుడ మొదలైంది. బిగించిన మూత బిగించినట్టే ఉంది, గాజు లోపల నీటిమట్టం మాత్రం నెమ్మదిగా పైకెక్కింది. పాలిపోయిన ఆకుపచ్చ నీళ్ళు. అందులో వెలుగు కదులుతోంది.

సముద్రం ఇదివరకెప్పుడూ మూత ఉన్నదాంట్లోకి రాలేదు. పిండిచుట్టల పళ్ళెం పట్టుకుని వచ్చిన క్వాన్ వదిన తొంగిచూసి, "పోటొచ్చింది, వేడిగా ఉన్నప్పుడే తినండి" అని పళ్ళెం పెట్టి వెళ్ళిపోయింది.

లాన్ గాజుని వెలుగుకి ఎత్తింది. లోపలి గోడ మీద ఆవగింజల్లాంటి చుక్కలు. కాలిన దూది అనుకుని గోటితో గీకింది. రాలేదు. తాత ఆమె చేతిలోంచి తీసుకుని, కళ్ళకి దూరంగా పెట్టుకుని చూశాడు.  తర్వాత చాలా మెల్లగా, నిద్రపోతున్నవాళ్ళు లేస్తారేమో అన్నట్టు, "పిల్లలు" అన్నాడు.

"ఏం పిల్లలు?"

"ఆల్చిప్ప పిల్లలు. అంచు చూడు, నల్లగా. ఇవి మా రకం. సముద్రాన్ని పూడ్చినప్పటి నుంచి నేను వీటిని చూడలేదు."

లాన్ ఆ చుక్కల వంక చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్ళూ ఆమె కారుడు ఆపడమే నేర్చుకుంది. ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది: కాయిలు బాగుంది, రింగులు బాగున్నాయి, గాజు బాగుంది. తప్పు తాత లాగడంలోనే ఉంది. దాన్ని సరిచేస్తే ఇది ఆగిపోతుంది.

"తాతా, నేను చెప్పింది మరిచిపోండి. మీకు చేతనైనట్టే లాగండి" అంది.

"జబ్బు అన్నావుగా."

"అన్నాను. నాకేం తెలుసు, మిరపకాయని."

ఆమె లోపల్నించి గోనె ఈడ్చుకొచ్చి, గాజు గొట్టాలు కడిగి ఆరబెట్టింది. ఇక ప్రతి పోటుకీ తాత అరుగు మీద కూర్చుని లాగాడు. లిక్విడు లేదు, బ్యాటరీ లేదు, ఉత్త గాలే. నీళ్ళు ఎక్కి దిగేసరికి ఒక గొట్టం చుక్కలతో నిండేది. ఆమె దాన్ని ఉప్పునీళ్ళ తొట్టిలో వేసి ఇంకోటి బిగించేది. ఒకసారి తనూ లాగి చూసింది, ఏమీ రాలేదు. తాత అలిసిపోతున్నాడని తెలిసి, సందులో వెదురు గొట్టం పట్టిన ముసలాళ్ళంతా ఒక్కొక్కరే స్టూళ్ళు తెచ్చుకున్నారు. లాన్ అందరికీ ట్యాంకులు బిగించి ఇచ్చింది. ఒకప్పుడు పడవలు కట్టిన ఆ నేల మీద వరసగా కూర్చుని వాళ్ళు కళ్ళు మూసుకుని లాగుతుంటే, ఏ నీళ్ళూ లేని చోట సముద్రం అంగుళం అంగుళం పైకి వచ్చేది. దారిన పోయేవాళ్ళు సైకిళ్ళు దిగి, చప్పుడు చెయ్యకుండా నడిపించుకుంటూ వెళ్ళేవారు.

కబురందుకుని మేయ్‌జూ వచ్చింది. ఎండకి నల్లబడ్డ, పొడుగాటి మనిషి. తొట్టి ముందు గొంతుక్కూర్చుని, ఒక గొట్టం తీసి బుగ్గకి ఆనించుకుంది.

"ఎక్కడివి నాన్నా?"

"ఇక్కడివే."

ఆమె గొట్టాన్ని మళ్ళీ తొట్టి నీళ్ళలో ముంచింది. "ఆరిపోకూడదు. తడి గోనెలు కావాలి" అంది, కానీ లేవడానికి కాసేపు పట్టింది. ఆ సాయంత్రమే గొట్టాలన్నిటినీ తాళ్ళకి దండల్లా గుచ్చి తీసుకుపోయింది.

చలికాలపు పండగనాడు లాన్, తాత తైషాన్ బస్సెక్కారు. తీరంలో కొనేవాడు అప్పటికే వచ్చి ఉన్నాడు. మంచి మనిషి, తాత కోసం పళ్ళు కూడా తెచ్చాడు. మేయ్‌జూ అందర్నీ పడవలో తెప్ప దగ్గరికి తీసుకెళ్ళింది. తన చేతి తాడు లాన్‌కి అందించి, "లాగు అక్కా" అంది.

లాన్ లాగింది. కదల్లేదు. నీళ్ళ అడుగున ఎవరో రెండో కొస పట్టుకున్నట్టుంది. మేయ్‌జూ చెయ్యి కూడా వేసింది, తాత కూడా వేశాడు. అప్పుడు పైకి వచ్చింది, గాజు ఎక్కడా కనిపించకుండా, మీద మీద కట్టుకున్న బూడిదరంగు చిప్పలతో, ప్రతి చిప్పా సన్నగా నోరు తెరిచి నీళ్ళు కారుస్తూ. పక్క తాడూ అంతే. ఆ పక్కదీ. తెప్ప పొడుగునా అంతే.  

కొనేవాడు టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు.

మేయ్‌జూ తాడుని మెల్లగా మళ్ళీ నీళ్ళలోకి వదిలి, అది పూర్తిగా దిగేదాకా ఆగి, చేతులు నడుముకి కట్టుకున్న గుడ్డకి తుడుచుకుని అతని వైపు తిరిగింది.

"రెండేళ్ళాగి రండి," అంది, "భోజనానికి."