ఓడకన్నా ముందే ఎండిన మక్కలు

“ఓడల మీద మక్కలొచ్చినంక మనయి కోళ్లు సుత ముట్టయి నవీనా, రాసిపెట్టుకో!”

టీవీలో ఆ వార్త విన్నప్పటి నుంచి సీతాబాయికి అదే గుబులు. ప్రభుత్వం ఇన్ని టన్నులని కోటా కట్టి కంపెనీలకు పంచుతుందట, అవి తక్కువ సుంకానికి విదేశాల నుంచి మక్కలు, అదే మొక్కజొన్నలు, తెప్పిస్తాయట. ఆమె ఎస్.ఆర్. నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. భర్త రాజనర్సయ్య ఊళ్లో మక్కలు పండిస్తాడు. ఓడ ఇంకా రేవు దాటనే లేదు, మార్కెట్ యార్డులో ధర మాత్రం అప్పుడే దిగిపోయింది.

“ఈసారి పెట్టుబడి రాకుంటే భూమి కౌలుకిచ్చేస్త” అన్నాడు రాజనర్సయ్య. అన్నాడంటే చేసే మనిషి.

అమీర్‌పేటలో ఉద్యోగం చేస్తున్న కూతురు నవీన ఊరుకోలేదు. తమవీ, మరో పదకొండు ఇళ్లవీ మక్కలు కలిపి, పంజగుట్టలోని ఓ కోళ్లదాణా కంపెనీకి నేరుగా అమ్ముదామంది.

“తడున్నదని తిప్పి పంపితే? బూజు పడితే?” సీతాబాయి రోజుకు మూడుసార్లు ఊరికి ఫోన్ చేసేది. “మక్కలు తిప్పిండ్రా? మబ్బు పట్టిందట, కప్పిండ్రా?” తిప్పడమంటే ఆరబోసిన మక్కల్లో పాదాలు ఈడుస్తూ సాళ్లు తీయడం. అడుగు గింజ పైకి రావాలి, ఎండ తగలాలి.

“నా కాళ్లు అరిగినయే! నీ నోరు అరుగదు” అని విసుక్కునేవాడు రాజనర్సయ్య. ఆమె ఆ పదకొండు ఇళ్లనూ వదల్లేదు.

మక్కలు ఆరబోసిన ఇరవయ్యో రోజు తల్లీకూతుళ్లు శాంపిల్ సంచితో కంపెనీకి వెళ్లారు. కొనుగోళ్లు చూసే సూర్యనారాయణ గారు కళ్లద్దాల పైనుంచి చూశారు.

“కోటా సరుకు చౌకగా వస్తుంటే మీ ధరకి నేనెందుకు కొనాలమ్మా?”

“ఆ కోటాల మీకు వాటా దొరికిందా సార్?” అంది నవీన.

ఆయన గొంతు సవరించుకున్నారు. “మాలాంటి చిన్నవాళ్లకి ఎక్కడ దొరుకుతుంది?”

“దొరికినోళ్లకు సుత ఓడ రావాలె గదా. అప్పటిదాంక మీ కోళ్లు ఉపాసముంటయా?”

సీతాబాయి బల్ల కింద కూతురి తొడ గిల్లింది. అయిపోయింది, ఇక గెంటేస్తారు!

సూర్యనారాయణ గారు గింజలు తేమ మిషన్లో పోశారు. అంకె చూసి కనుబొమలు ముడిచారు. “యార్డులో తేమ పద్దెనిమిది శాతానికి తగ్గట్లేదు. ఇది పన్నెండు! శాంపిల్ ఒక్కటే ఎండబెట్టి తెచ్చారా ఏంటి?”

సీతాబాయికి భయం ఎటుపోయిందో తెలియదు. “ఏ బస్తాల చెయ్యి వెట్టినా గిదే గింజ సార్! ఇరవై దినాలు పన్నెండిండ్లోళ్లను నిద్రపోనియ్యలే నేను!”

ఆయన ఒక గింజ పంటి కింద పెట్టారు. టక్కున పగిలింది. నవ్వారు.

“లారీలు పంపండమ్మా. ప్రతి బస్తా చూసి దించుకుంటాం. అన్నీ ఇలాగే ఉంటే మీరడిగిన ధరే.”

పంజగుట్ట మెట్రో స్తంభం పక్కన నిలబడి సీతాబాయి ఫోన్లో అరిచింది. బస్టాపులో జనం తిరిగి చూసినా ఆగలేదు.

“వింటున్నవా? మనమడిగిన ధరకే తీసుకుంటరట! పన్నెండిండ్లయీ! భూమి ఎవ్వరికిచ్చేది లేదు!”

అవతల చప్పుడు లేదు. రెండు బస్సులు పోయాయి. “నవీనా, మీ నాయినకేమన్న అయిందేమోనే! సంతోషంతోని కింద పడ్డడా ఏంది?”

ఇంకో బస్సు కూడా వెళ్లిపోయాక రాజనర్సయ్య గొంతు వినిపించింది.

“మరి… ఇయ్యాల సుత తిప్పాల్నా?”