తిరగని రెక్క

ఈ ఉదయం నుంచి మా ఇంట్లో కాలువ నిలబడి ఉంది. వంటింటి కిటికీ దాకా వచ్చింది. స్టవ్వు నీళ్లలోనే వెలుగుతోంది. కాఫీ కాగుతోంది.

మధ్యగదిలో అత్తయ్య మంచం తేలుతోంది. అది పైకప్పును తాకితే ఆవిడకి ఊపిరాడదు. ఇంకా రెండు మూరలుంది.

"ఏమే సుభాషిణీ, దూలం మీద బూజు దులిపి ఎన్నేళ్లయిందే?" అంటోంది పైనుంచి.

మా ఆయన పంపుల వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్లు రెక్కలు సానబట్టిన మనిషి. పెరట్లో పంపు పెట్టి తోడుతున్నారు. అది వంద పాళ్ల కరెంటు తాగి ఎనభైరెండు పాళ్ల పనే చేస్తోంది.

"ఇంకో మూడు పాళ్లు రాబట్టాలి. అప్పుడే అమ్మ కిందికి దిగుతుంది."

రెక్క కొసకీ గొట్టానికీ మధ్య పోస్టుకార్డు దూర్చి చూస్తారు. ఒకటి దూరాలి, రెండోది దూరకూడదు. ఒకటే దూరుతోంది. లోపం అక్కడ లేదు.

నేను రెక్కను చూస్తాను. మొదలు నుంచి కొస దాకా ఒకటే వాలు.

"మొదట్లో నిటారుగా ఉండి, కొసకి వాలిపోవాలండీ. మనం తడిచీర మెలిపెడతామే, అలా."

చెరో కొస పట్టుకుని ఇనప రెక్కల్ని ఒక్కొక్కటే పిండుతాం. తుప్పునీళ్లు కారతాయి. పంపు ఎనభైనాలుగుకి ఎక్కుతుంది. నీళ్లు పెరగడం ఆగుతుంది గానీ తగ్గవు. అత్తయ్య ముక్కుకీ దూలానికీ మధ్య జానెడే ఉంది.

"నీళ్లు సుడి తిరుగుతూ పోతున్నాయి. రావాల్సిన ఆ ఒక్క పాలూ ఆ తిరుగుడుకే పోతోంది," అంటారాయన. "వెనకాల తిరగని రెక్క ఒకటి నిలబడి వాటిని తిన్నగా పంపాలి. ఈ ఇంట్లో కదలకుండా నిలబడగలిగేది నువ్వే."

"అన్నం వార్చాలండీ."

"నేను వారుస్తాలే."

గొట్టంలోకి దిగుతాను. ఆయన నా భుజం పక్కన పోస్టుకార్డు దూర్చి చూస్తారు. ఒకటే దూరుతుంది.

నీళ్లు నా వేళ్ల మధ్య నుంచి దువ్విన జుట్టులా తిన్నగా పోతాయి. మంచం కాళ్లు నేలకు ఆనిన చప్పుడు వినిపిస్తుంది.

"ఒరేయ్ మాణిక్యం, కాఫీ ఏదిరా? అమ్మాయి ఏదీ?"

గొట్టం చివరి వెలుగులోంచి పెరడు కనిపిస్తోంది. మా వంటిల్లు నిలువునా తడిసి వేలాడుతోంది. ఆయన దాని ఒక కొస పట్టుకుని పిండడానికి నిలబడ్డారు. రెండో కొస నేల మీద పడి, స్టవ్వు మంటతో సహా, నీళ్లు కారుస్తోంది.