కొండలో దాచిన పచ్చ ఇంజన్

దర్జీ అనుమానం మనిషి. దుకాణానికి తాళం వేసి రెండుసార్లు లాగి చూస్తాడు, వీధి మలుపు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వస్తాడు. గుండీల డబ్బా పక్కకు జరిగి ఉంటే ఆ రోజంతా పని చేసే కుర్చీలో కుదురుగా కూర్చోలేడు. అలాంటివాడు ఈ లోకంలో కళ్లు మూసుకుని నమ్మింది ఒక్కడినే, భార్య తమ్ముణ్ణి. అతను లిఫ్టుల మెకానిక్. పెళ్లీ పెటాకులూ లేవు, రెండిళ్ల అవతలే కాపురం.

ఇద్దరూ కలిసి దుకాణం పై గదిలో రైళ్లు కట్టుకున్నారు. బొమ్మ రైళ్లు అంటే మెకానిక్‌కు ఒళ్లు మండుతుంది, నమూనా రైళ్లు అనాలి. గది నిండా ప్లైవుడ్ బల్ల, దాని మీద పట్టాలు, స్టేషను, పొలాలు, ఒక మూల సొరంగం ఉన్న కొండ. తీగలూ కంట్రోలు పెట్టే మెకానిక్ పని. కొండా, అగ్గిపెట్టెంత ఇళ్లూ, ఆ ఇళ్ల ముందు దండెం మీద ఆరేసిన గోరంత చొక్కాలూ దర్జీ పని. ఆ చొక్కాలకు గుండీలు కూడా కుట్టాడంటే మనిషి పిచ్చి ఏ పాటిదో చూసుకోండి.

ఈ రైళ్ల పద్ధతి వేరు. పట్టాల్లో కరెంటు ఎప్పుడూ ఒకేలా పారుతూ ఉంటుంది. ప్రతి ఇంజన్ పొట్టలోనూ ఒక చిప్పు, ఆ చిప్పుకో నంబరు. చేతిలోని కంట్రోలర్‌లో ఏ నంబరు నొక్కితే ఆ ఇంజనే పలుకుతుంది, మిగతావి తమను కాదన్నట్టు పడుంటాయి. కొత్త ఇంజన్లన్నీ ఫ్యాక్టరీ నుంచి మూడో నంబరుతోనే వస్తాయి. ఇంటికి తెచ్చిన రోజే, విడిగా ఉంచిన పట్టా ముక్క మీద పెట్టి దాని నంబరు మార్చాలి. అది మెకానిక్ చేసే పని కాబట్టి దర్జీ ఎన్నడూ అటు తొంగి చూడలేదు. మొట్టమొదట కొన్న నల్ల ఆవిరి ఇంజన్‌కు మాత్రం, ఇంటికి పెద్దకొడుకు లాంటిది కదా అని, మూడే ఉంచేశారు. ఆట అయ్యాక అది అద్దాల బీరువాలోకి వెళుతుంది.

ఒకరికి తెలియకుండా ఒకరు ఇంజన్ కొనకూడదని ఇద్దరికీ ఒప్పందం. దర్జీ మనసు ఒక పచ్చ డీజిల్ ఇంజన్ మీద పడింది. మనవన్నీ ఆవిరి బళ్లు, మధ్యలో డీజిల్ ఏమిటని మెకానిక్ కొట్టిపారేశాడు. దర్జీ సరేనని, వారం తిరక్కుండా కొనేశాడు. కొండ పైభాగం మూతలా ఊడి వస్తుంది. లోపల సొరంగం నుంచి చీలిన ఒక చిన్న పట్టా ఉంది, దాన్ని ఎవరూ వాడరు. పచ్చ ఇంజన్‌ను అక్కడ నిలిపి, ముందుకు జారకుండా ఖాళీ దారపు రీలు అడ్డం పెట్టాడు. బావమరిది డ్యూటీలో ఉన్నప్పుడు రీలు తీసి, ఒక్కడే తిప్పుకుని మురిసిపోయేవాడు. మొదటిసారి చేతికి అలవాటైన మూడు నొక్కాడు, అది కదిలింది. ఇంకేం కావాలి?

కొన్నాళ్లకు ఒకరోజు మూత తీసి చూశాడు. కొండ లోపలి గోడకు ఆనించి నిలిపిన ఇంజన్ ముందుకు వచ్చి రీలుకు తగిలి ఉంది. తనే మరిచిపోయానేమో అనుకుని మళ్లీ సరిగ్గా నిలిపాడు. ఆ సాయంత్రం తను కింద అర్జంటు బట్టలు కుడుతుంటే మెకానిక్ పైన ఒక్కడే రైళ్లు నడుపుకున్నాడు. మర్నాడు చూస్తే ఇంజన్ పక్కకు ఒరిగి, ముందరి కొక్కెం విరిగి ఉంది. ఇంకెవరు?

పోనీ అడుగుదామా అంటే, ముందు తన దొంగతనమే బయటపడుతుంది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు. అప్పటినుంచి బావమరిది ప్రతి మాటలోనూ ఎత్తిపొడుపే వినిపించింది. కొండలో ఏదో గీరుతున్న చప్పుడు వస్తోంది, ఎలుకలేమో చూడు బావా అంటే అది వేళాకోళం. నవ్వితే వెక్కిరింత. నవ్వకపోతే ఏదో దాస్తున్నాడు. కుట్టుమిషను మోతకు అలవాటైన దర్జీ చెవికి ఏ చప్పుడూ వినిపించలేదు మరి. అన్నం తింటూ భార్య దగ్గర కూపీ లాగాడు, నీ తమ్ముడు నా గురించి ఏమైనా అన్నాడా అని. ఏమీ అనలేదందామె. కాస్త ఆలోచించి చెప్పింది కాబట్టి ఏదో అనే ఉంటాడని ఖాయం చేసుకున్నాడు.

చివరికి నిఘా పెట్టాడు. చక్రం పక్కన కుట్టు సుద్దతో గీత గీశాడు. కొండమూత అంచు మీదుగా సన్నటి నల్లదారం పోగు జిగురుతో అంటించాడు. మూత ఎవరు ఎత్తినా అది తెగాలి. మర్నాడు దారం తెగలేదు, ఇంజన్ మాత్రం గీత దాటింది. ఇంకొకరైతే అక్కడ ఆగి ఆలోచించేవాళ్లు. దర్జీ ఆగలేదు. బావమరిదే దారం తెంపి మళ్లీ కొత్తది అంటించి ఉంటాడు, ఎంత ఘటికుడు అనుకున్నాడు.

నిజానికి అతను బాధపడింది ఇంజన్ కోసం కాదు. ఆ సాయంత్రాలు తప్ప అతనికి వేరే సరదా లేదు, ఆ మనిషి తప్ప వేరే స్నేహితుడు లేడు. వాడు కూడా అందరిలాంటివాడే అయితే ఇక ఎవరితో కూర్చోవాలి? ఆ ఆలోచనకే ఏడుపొచ్చింది. ఏడ్చి ఊరుకున్నా పోయేది, కోపం తెచ్చుకున్నాడు.

ఆదివారం సాయంత్రం మెకానిక్ నల్ల ఇంజన్‌ను పట్టాల మీద పెడుతుండగా దర్జీ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"నా ఇంజన్ కొక్కెం విరగ్గొట్టింది నువ్వేనని నాకు తెలుసు. ఇంకా ఎన్నాళ్లు నటిస్తావు?"

"నీ ఇంజనేంటి బావా? ఎక్కడుంది?"

"కొండలో. తెలియనట్టు అడక్కు."

మెకానిక్ కొండ వైపు చూశాడు, బావ వైపు చూశాడు. గొంతు పెంచలేదు. కంట్రోలర్ అందుకుని, మూడు నొక్కి, మెల్లగా తిప్పాడు. స్టేషన్లో నల్ల ఇంజన్ కదిలింది. అదే క్షణంలో కొండ లోపల గీరుడు మొదలైంది. ఆపితే అదీ ఆగింది. మళ్లీ తిప్పి, మూత తీసి చూడమన్నాడు. దర్జీ రెండు చేతులతో కొండ పైభాగం ఎత్తాడు. లోపల పచ్చ ఇంజన్ రీలును నెడుతూ, చక్రాలు జారుతూ, ఉన్నచోటే పెనుగులాడుతోంది.

"దీని నంబరు మార్చలేదు," అన్నాడు మెకానిక్. "నల్లదాన్ని నడిపినప్పుడల్లా ఇదీ నడిచింది. నేను ముట్టుకోలేదు."

దర్జీకి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. తప్పయిందన్నాడు. ఆశ ఆపుకోలేకపోయానన్నాడు, చెబితే ఏమంటావో అని దాచానన్నాడు. ఇంకా ఏవేవో అన్నాడు. వాడు నాలుగు తిట్లు తిడితే బాగుండుననిపించింది. మెకానిక్ తిట్టలేదు. పచ్చ ఇంజన్‌ను పట్టా ముక్క మీద పెట్టి కొత్త నంబరు ఇచ్చాడు. విరిగిన కొక్కెం సరిచేశాడు. దాన్ని తుడిచి, అద్దాల బీరువాలో నల్లదాని పక్కన చోటు చేసి పెట్టాడు. అంతసేపూ దర్జీ ఆ కొండను చేతుల్లో పట్టుకుని నిలబడే ఉన్నాడు.

"ఇంకేమైనా ఉన్నాయా బావా?"

"లేవురా. ఒట్టు, అదొక్కటే."

అది నిజమే. ఇక అంతా సర్దుకున్నట్టే అనుకుని దర్జీ కొండను దాని చోట పెట్టబోయాడు.

"ఉండు, అప్పుడే మూయకు," అన్నాడు మెకానిక్.

సంచిలోంచి టార్చి తీసి, వంగి, సొరంగం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వేసి చూశాడు. అతని చూపు పూర్తయ్యేదాకా దర్జీ కొండను ఎత్తి పట్టుకునే ఉన్నాడు.