ఆవునుదురు మీద సంతకం

రోమెడ్ ప్లాంగర్ లెక్కలో లోకంలో మనుషులు రెండే రకాలు. కొండెక్కలేనివాళ్లు ఒక రకం, ఎక్కామని అనుకునేవాళ్లు రెండో రకం. మూడో రకంలో ఒకే ఒక్కడున్నాడు. గడ్డం గీసుకునేటప్పుడు ఆ ఒక్కడూ అద్దంలో కనిపిస్తాడు.

డెబ్భై ఒక్కేళ్లు వచ్చినా ఆ గీర రవ్వంత తగ్గలేదు. పొద్దున్నే పాలకేంద్రం ముందు బల్ల మీద కూర్చుని, వీపున సంచులు తగిలించుకుని కొండలకు బయలుదేరే పట్నంవాళ్లని చూసి పైపు నములుతూ ముక్కు చీదేవాడు. "అదుగో, రెండు చేతుల్లో రెండు కర్రలు. దేవుడు రెండు కాళ్లిచ్చింది చాలక నాలుగు కాళ్ల జంతువైపోయాడు పాపం" అనేవాడు. "వీడి బూట్లకి ధర చీటీ ఇంకా వేలాడుతోంది చూడు" అనేవాడు. దారి అడిగినవాళ్లకి శ్మశానానికి దారి చూపించాడని కూడా ఊళ్లో చెప్పుకుంటారు. అది అబద్ధం. ఒక్కసారే చూపించాడు.

అతని గొప్పలు మాత్రం అతని నోటే వినాలి. దెయ్యపునిచ్చెన కొండ మీద పొగమంచులో దారి తప్పిన అడవిమేక ఒకటి తన వెనకాలే నడిచి ఇంటికి చేరిందట. కాకిముక్కు కొండ కొమ్మున ఒకసారి తుమ్మితే పక్క లోయలో మంచు జారి, అక్కడి చర్చి పూజారి ఇంటి కప్పు మీద నుంచి రెండేళ్ల పాత మంచు దిగిపోయిందట. ఆ పూజారి కృతజ్ఞతగా ఒక జున్నుచక్రం పంపించాడట. జున్ను ఏదయ్యా అంటే, తినేశాను గదా అనేవాడు.

అయితే అబద్ధాలన్నీ తీసేసినా మిగిలేది తక్కువేం కాదు. నలభై ఏళ్లు కొండదారి చూపే పని చేశాడు. తాడు పట్టుకుని ఎందరినో పైకి తీసుకుపోయి, అంతమందినీ కిందికి తెచ్చాడు. ఇప్పుడు మోకాళ్లు పోయాయి. పిలిచేవాళ్లు లేరు. మిగిలింది ఆ బల్ల, ఆ పైపు, ఆ చీదడం.

ఆ వేసవిలోనే ఊరి శిలువకాపరి చనిపోయాడు.

హింటర్‌ఫాల్ ఊరి చుట్టూ ఏడు కొండలు. ఏడింటి తలల మీదా ఏడు శిలువలు. ప్రతి శిలువ కాళ్ల దగ్గరా ఒక రేకుపెట్టె, పెట్టెలో ఒక పుస్తకం. పైకి వచ్చినవాడు పేరు, తేదీ, వాతావరణం రాసి కిందికి దిగుతాడు. ఆ పుస్తకంలో అబద్ధం రాయడమన్నా, కాగితం చింపడమన్నా ఊళ్లో శవపేటిక మేకులు దొంగిలించడంతో సమానం. నిండిన పుస్తకాలు చర్చి అల్మరాలో ఉంటాయి. శిలువల తీగలు బిగించడం, పుస్తకాలు మార్చడం, అల్మరా తాళంచెవి నడుముకు కట్టుకోవడం, ఆగస్టు పదిహేను చర్చి పండగన కొండ మీద పూజకి ఊరేగింపుగా వెళ్లేటప్పుడు ముందు మోసే శిలువ వెనకాలే, పూజారి కంటే కూడా ముందు నడవడం, ఇదీ కాపరి పని. జీతం లేదు. కానీ ఆ పని ఉన్నంతకాలం మనిషి బల్ల మీద కూర్చున్న ముసలాడు కాదు.

రోమెడ్ ఎవరినీ అడగలేదు. తాళంచెవికి కొత్త తోలుపట్టీ మాత్రం కుట్టుకున్నాడు.

శుక్రవారం పొద్దున వాన కురుస్తుంటే, జీతా పాలక్యాన్లు దించుతూ బల్ల దగ్గర ఆగింది. జీతా కొండ మీది విశ్రాంతిగృహం నడుపుతుంది. యాభై అయిదేళ్ల బలమైన మనిషి. వచ్చినవాళ్లకి సూప్ పోసి, బొబ్బలకి పట్టీలు వేసి, కాళ్లు వణికేవాళ్లని చెయ్యి పట్టుకుని దింపుతుంది. ఆమెని రోమెడ్ 'కొండ మీది ఆయా' అంటాడు.

"ముసలోడా, నేనూ పేరిచ్చాను" అంది జీతా.

"దేనికి? సూప్ పోటీకా?"

"కాపరి పనికి. రేపు మధ్యాహ్నం ఫాదర్ అందరి ముందూ పుస్తకాలు తెరుస్తాడు. పాత నియమం ఉందిగా, ఏడు పుస్తకాల్లోనూ పేరుండాలి. ఇద్దరికీ ఉంటే పెద్దవాళ్లకి."

"అయితే నీ క్యాన్లు నువ్వు మోసుకో. నీకంటే పదహారేళ్లు పెద్ద నేను."

"ఏడూ అంటే ఏడూ. ఆవునుదురుతో సహా" అని, జీతా క్యాన్ ఎత్తుకుని పోయింది.

రోమెడ్ నోట్లో పైపు ఆరిపోయింది.

ఆవునుదురు అంటే ఊరి వెనకాల గడ్డి గుట్ట. ఏడో కొండ అని పిలవడం మిగతా ఆరింటికీ అవమానం. అమ్మమ్మలు చంటిపిల్లల బండి తోసుకుంటూ ఎక్కుతారు. బడిపిల్లలు ఒంటికాలి మీద ఎక్కుతారు. నాలుగడుగులకే ఆయాసపడే పూజారి ఫాదర్ ఇంగెనుయిన్ కూడా మధ్యలో రెండుసార్లు కూర్చుని ఎక్కుతాడు. రేపు పొద్దున అక్కడి పుస్తకం తెచ్చేది ఆయనే. మిగిలిన ఆరు పుస్తకాల్లోనూ రోమెడ్ పేరు అయిదు వందల సార్లకి తక్కువుండదు. ఆవునుదురు మీదికి డెబ్భై ఏళ్లలో ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఎందుకెళ్తాడు? సింహం దోమని వేటాడుతుందా?

ఆ దోమే ఇప్పుడు చెవిలో దూరింది.

ముందుదారిన వెళ్లడం కుదరదు. ఆ దారి పాలకేంద్రం, రొట్టెల కొట్టు, చర్చి, ఇరవై ఏడు కిటికీల మీదుగా పోతుంది. వాన పడింది కాబట్టి గడ్డి కొయ్యడానికి ఎవరూ పోలేదు. ప్రతి కిటికీలోనూ ఒక ముక్కు. ప్లాంగర్ ముసలాడు ఆవునుదురు ఎక్కుతున్నాడంటే, ఎందుకో ఊరికి అర్థమవడానికి అర నిమిషం చాలు. అందుకని గుట్ట వెనక ఉన్న నిటారు వాలున పోదామనుకున్నాడు. బూట్లు వేసుకుంటే ఎవడైనా చూసి ఎక్కడికని అడుగుతాడు. కాబట్టి ఇంట్లో తిరిగే ఉన్నిచెప్పులతోనే బయలుదేరాడు. చెప్పులేసుకున్నవాడు పక్కింటికి ఉప్పుకి పోతున్నాడనుకుంటారు. అదీగాక, ఆ బోడిగుట్టకి బూట్లు వేసుకోవడమంటే దానికి మర్యాద ఇచ్చినట్టు.

"రాయి చెప్పి చంపుతుంది, తడిగడ్డి చెప్పకుండా చంపుతుంది" అని నలభై ఏళ్లు పట్నంవాళ్లకి నేర్పినవాడు ఇతనే. తనకి తను ఎప్పుడూ ఫీజు ఇచ్చుకోలేదు కాబట్టి ఆ పాఠం వినలేదు.

వెనకవాలు దాదాపు పైదాకా ఎక్కాడు. అక్కడ కుడికాలి చెప్పు జారింది. చెప్పుతో పాటు కాలూ, కాలితో పాటు మనిషీ జారారు. ఇంటి కప్పంత దూరం పొట్ట మీద జారి, ఒక మొండి దేవదారు పొద చేతికి దొరికితే పట్టుకున్నాడు. చెప్పు ఆగలేదు. కింద తాటిచెట్టంత లోతులో వాగుంది. దానిలో చిన్న చప్పుడు వినిపించింది.

పైకి పోలేడు, కిందికి దిగలేడు. ఆపదలో ఉన్నవాడు నిమిషానికి ఆరుసార్లు కేక వెయ్యాలి, ఒక నిమిషం ఆగాలి, మళ్లీ ఆరుసార్లు వెయ్యాలి. అది కొండల చట్టం. రోమెడ్ చట్టం తప్పేవాడు కాదు. కానీ కేక వేస్తే ఊరికి వినబడుతుంది. అందుకని గుసగుసగా పిలిచాడు. "కాపాడండి" అని ఆరుసార్లు, చెవిలో రహస్యం చెప్పినట్టు. వాచీ చూసి నిమిషం ఆగాడు. మళ్లీ ఆరుసార్లు. అలా ముప్పావుగంట. పక్కన మేస్తున్న ఆవొకటి మాత్రం తల తిప్పి విని, తనకి సంబంధం లేని విషయమని మళ్లీ మేతలో పడింది.

పైన శిలువ దగ్గర హాలండు నుంచి వచ్చిన అయిదుగురు ఆడవాళ్లు రొట్టె తింటున్నారు. సముద్రం కంటే పల్లంలో ఉన్న దేశం వాళ్లది, ముక్కాలిపీట ఎక్కితేనే కళ్లు తిరిగే జనం అని రోమెడ్ ఎన్నిసార్లు నవ్వాడో లెక్కలేదు. అందులో ఫెమ్కె అనే పెద్దావిడ చాటుకి పొదల వెనక్కి వచ్చింది. వచ్చిన పని మరిచిపోయింది.

"అయ్యో! తాతా, నువ్వక్కడ ఏం చేస్తున్నావ్?"

రోమెడ్‌కి ఒళ్లు మండింది. కొండల మర్యాద ప్రకారం, రెండు వేల మీటర్ల ఎత్తు దాటాకే అందరూ అందరినీ 'నువ్వు' అనాలి. ఈ గుట్ట దానికి సగం కూడా లేదు.

"పూలు చూస్తున్నానండి" అన్నాడు, 'అండి'ని ఒత్తి.

"ఒక కాలికి చెప్పు లేదే!"

"రెండో కాలికి ఉంది గదా."

"పాపం, భయంతో ఏదో మాట్లాడుతున్నాడు" అని ఫెమ్కె వెనక్కి తిరిగి అరిచింది. ఊరిదాకా కాదు, హాలండుదాకా వినబడేంత అరుపు. మిగతా నలుగురూ పరుగెత్తుకొచ్చారు. నడిచే కర్రలు రెండు కలిపి శాలువాతో కట్టి కిందికి చాపారు. రోమెడ్ ఆ కర్రని చూశాడు. వాగుని చూశాడు. కర్రే పట్టుకున్నాడు. అయిదుగురూ కలిసి, వలలో పెద్దచేప పడ్డట్టు కేకలు పెడుతూ పైకి లాగారు.

"కొండకి రావడం ఇదే మొదటిసారా తాతా?" అంది ఫెమ్కె, అతని వీపు మీది గడ్డి దులుపుతూ.

"ఈ కొండకి మొదటిసారే."

"మొదటిసారట!" అందావిడ వాళ్లతో. 'ఈ కొండకి' అన్న ముక్క గాలికి పోయింది. "ఈ వయసులో! ఎంత ధైర్యం!" అయిదుగురూ చప్పట్లు కొట్టారు. ఒకామె ఎండుద్రాక్ష రొట్టె ఇచ్చింది. ఇంకొకామె తన మేజోడు విప్పి, వద్దంటున్నా వినకుండా అతని కాలికి తొడిగింది. మేజోడు మీద చిన్న చిన్న బాతులున్నాయి. చెరో రెక్కా పట్టుకుని, చిన్నపిల్లాడికి నడక నేర్పినట్టు, శిలువ దాకా ముప్పై అడుగులు నడిపించారు.

అక్కడ ఫెమ్కె పుస్తకం తీసి, నాలుక కొస బయటపెట్టి శ్రద్ధగా పదకొండు పంక్తులు రాసింది. తర్వాత కలం చేతికిచ్చింది. "ఇదిగో తాతా, దీని కింద నీ పేరు రాయి. ఇది నీకు జ్ఞాపకం."

రోమెడ్ ఆ పదకొండు పంక్తులూ చదివాడు. సంతకం పెడితే తాళంచెవి తనది, కానీ ఆ పంక్తులు కూడా తనవే. పెట్టకపోతే ఎవరో పట్నం తాతని ఎవరో ఆడవాళ్లు లాగారంతే, కానీ జీతా శిలువ వెనకాల నడుస్తుంది. కాగితం చింపేద్దామా అనిపించింది. వెంటనే చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. పదేళ్ల నాటి పేజీల్లో అడుగున ఒక ఖాళీ పంక్తి కూడా కనిపించింది. అక్కడ రాస్తే తేదీ అబద్ధమవుతుందని ఆ పేజీ తిప్పేశాడు.

"పేరు రాయడం రాదేమో" అంది ఒకామె మెల్లగా, జాలిగా.

దాంతో రోమెడ్ కలం కాగితం మీద పెట్టాడు.

కిందికి దింపుతామని వాళ్లు పట్టుబట్టారు. మా ఇల్లు ఇదేనండి అని దారి పక్క గడ్డికొట్టం చూపించి, అందులో దూరి తలుపేసుకున్నాడు. వాళ్లు పోయాక, పాలబండి పోయాక, బాతుల మేజోడుతో గోడ వెంబడి ఇంటికి చేరాడు.

మర్నాడు మధ్యాహ్నం చర్చి గదిలో కుర్చీలు చాలలేదు. ఫాదర్ ఇంగెనుయిన్ కళ్లద్దాలు తుడుచుకుని ఒక్కో పుస్తకం తెరిచాడు. కాకిముక్కులో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. దెయ్యపునిచ్చెనలో ఉన్నాయి. ఆరో పుస్తకం దాకా ఉన్నాయి. ఏడోది తానే మోసుకొచ్చింది కాబట్టి దాన్ని కొంచెం గర్వంగా తెరిచాడు. జీతా పేరు మొదటి పేజీలోనే దొరికింది. ప్లాంగర్ పేరు కోసం పేజీలు తిప్పుతూ, తిప్పుతూ, చివరి పేజీ దగ్గర ఆగిపోయాడు.

"చదవండి ఫాదర్" అన్నాడు రొట్టెల కొట్టు విగిల్.

ఫాదర్ మంచివాడు. కానీ మనిషే. గొంతు సవరించుకుని చదివాడు. "శుక్రవారం, వాన వెలిసింది. ఇవాళ మేము ఒక ముసలి తాతని కొండ నుంచి లాగాము. పాపం, జీవితంలో మొదటిసారి కొండకి వచ్చాడు, ఎవరూ ఏమీ నేర్పలేదు. ఉన్నిచెప్పులతో వచ్చాడు. చాలా భయపడ్డాడు, కానీ ఏడవలేదు. రొట్టె పెట్టాము. తాతల్ని ఒంటరిగా కొండల మీదికి పంపవద్దని ఈ ఊరివాళ్లని కోరుతున్నాము."

ఫాదర్ కళ్లద్దాలు తీశాడు. "దీని కింద... రోమెడ్ ప్లాంగర్."

అప్పుడు గదిలో లేచిన నవ్వుకి పక్కలోయ కుక్కలు మొరిగాయని చెబుతారు. విగిల్ కుర్చీలోంచి కిందపడి, అక్కడే ఉండిపోయి నవ్వాడు. ఫాదర్ పుస్తకంతో మొహం కప్పుకున్నాడు, పుస్తకం మాత్రం ఊగుతోంది. రోమెడ్ నిటారుగా కూర్చుని, నవ్వుతున్న ఒక్కొక్కడి మొహాన్నీ వరసగా చూశాడు. వీడిని కాకిముక్కు మీద వీపున మోశాను. వీడు మూడుకొమ్ముల కొండ మీద అమ్మా అని ఏడ్చాడు.

నవ్వి నవ్వి అలిసిపోయాక ఫాదర్ అన్నాడు: "నియమం నియమమే. ఏడింటిలోనూ పేరుంది. తేదీ నిజం, వాతావరణం నిజం. పెద్దవాడికే తాళంచెవి."

రోమెడ్ లేచి వెళ్లి తాళంచెవి తీసుకున్నాడు. కొత్త తోలుపట్టీకి కట్టుకున్నాడు. ఎవరి వైపూ చూడకుండా బయటికి వచ్చాడు. జీతా వెనకాలే వచ్చింది.

"ఆ సంతకం పెట్టకపోతే ఎవరికీ తెలిసేది కాదు గదా" అంది.

"కాదు."

"మరెందుకు పెట్టావ్?"

"ఊరు నవ్వితే ఒక చలికాలం నవ్వుతుంది" అన్నాడు రోమెడ్. "నువ్వు శిలువ వెనక నడవడం చూడాలంటే బతికినంతకాలం చూడాలి."

జీతా నడుం మీద చేతులేసుకుని అతన్ని కిందికీ పైకీ చూసింది. "పదహారేళ్లు చిన్నదాన్నిరా ముసలోడా. నువ్వు పోయాక ఎలాగూ నాదే."

"అందుకే పోను" అన్నాడు రోమెడ్, ముక్కు చీది.