రుబ్బురోలు రాసిన సమీక్ష

ఆమె అసలు పేరు వేరే. ఆఫీసులో మాత్రం అందరికీ కామాక్షే. భక్తి కొద్దీ పెట్టిన పేరు కాదు, కామాల మీద ఆమెకున్న పట్టింపు వల్ల వచ్చిన పేరు. చిత్రోత్సవం జరిగినన్నాళ్ళూ రోజుకొకటిగా వెలువడే చిన్న పత్రికకి ఆమె ఉపసంపాదకురాలు. సమీక్షకులు సినిమాలు చూసి రాసి పంపుతారు. ఆమె వాటిని దిద్ది, శీర్షికలు పెట్టి, అచ్చుకి పంపుతుంది. పదేళ్ళుగా అదే పని. ఇన్నేళ్ళలో ఆమె చిత్రోత్సవంలో కూర్చుని చూసిన సినిమాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వండేవాళ్ళకి వాసనతోనే కడుపు నిండినట్టు, సమీక్షలు చదివీ చదివీ ఆమెకి సినిమాలంటేనే మొహం మొత్తింది.

ఆ ఏడు చిత్రోత్సవానికి కొద్ది వారాల ముందు ఆమె మరిది మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే ఉద్యోగం అతనిది. కాలికి కట్టుతో అన్నగారింటి ముందు గదిలో మంచమెక్కి, ఏమీ తోచక, కనపడినవాళ్ళందరి ప్రాణాలూ తోడుతున్నాడు. ఓ రోజు భోజనాల దగ్గర వదినగారు తన గోడు వెళ్ళబోసుకుంది.

“ఎవరు రాసినా ఒకటే గోల. ప్రతి సినిమా ఓ ప్రయాణమే. ప్రతి దర్శకుడూ తెర మీద కవిత్వం రాసేవాడే. జనం నిద్రపోయేలా తీస్తే ‘నిదానమే దీని బలం’ అంటారు.”

“అంత ఒకేలా ఉంటే ఇంక మనుషులెందుకు వదినా, దండగ! నా కంప్యూటర్ చేత రాయించి పెడతానుండు,” అన్నాడు మరిది.

నవ్వులాటకే అన్నాడు కానీ, పని లేని మనిషి పట్టుదల మామూలుది కాదు. వదిన దగ్గరున్న పాత సంచికలన్నీ అడిగి తీసుకుని కంప్యూటర్లో పోశాడు. సినిమా పేరు, నిడివి, కథ గురించి ఒక ముక్క ఇచ్చి మీట నొక్కితే చాలు, సమీక్ష బయటికి వచ్చేస్తుంది. ఎగతాళి ఘాటుగా ఉండాలని ఆమె కూడా పక్కన కూర్చుని కొన్ని వాక్యాలు తయారుచేసి అందులో పోసింది. ‘ఇక్కడ కెమెరా చూడదు, వింటుంది’ ఆమెదే. ‘ఈ చిత్రంలో తలుపు గొళ్ళెం కూడా ఒంటరితనంతో మూలుగుతుంది’ అన్నది కూడా ఆమెదే. ఏం వేసినా చివరికి ఒకే పిండి వస్తోంది కాబట్టి దానికి రుబ్బురోలు అని పేరు పెట్టింది.

మొదటి పరీక్షగా మరిది ‘చెప్పుల స్టాండు’ అని లేని సినిమా పేరొకటి కొట్టి, నిడివి నాలుగు గంటలని పెట్టాడు. రుబ్బురోలు ఇలా రాసింది: ‘పాదాలు లేని చోట పాదముద్రలు వెతికే సాహసం ఇది. నాలుగు గంటల్లో దర్శకుడు ఒక్క చెప్పును కూడా కదిలించడు. కదిలేది ప్రేక్షకుడి లోపలి నేల.’ వదినా మరిదీ పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే, ఆమె భర్త దుకాణం కట్టేసి ఇంటికొచ్చాడు. కళ్ళజోళ్ళ వ్యాపారం ఆయనది. ఆ కాగితం అందుకుని శ్రద్ధగా చదివాడు.

“బాగుందే. ఎక్కడ ఆడుతోంది?” అని అడిగాడు.

ఆ దెబ్బకి మరిది కట్టు కట్టిన కాలిని మంచం కోడుకేసి కొట్టుకుని కేకేశాడు.

రుబ్బురోలుని నెట్‌లో అందరికీ అందుబాటులో పెట్టారు. చిత్రోత్సవం మొదలయ్యేసరికి టికెట్ల వరసలో నిలబడినవాళ్ళు కూడా ఫోన్లలో దాన్నే తిప్పుతున్నారు. ఒకడు వాళ్ళ పిన్ని పెళ్ళి వీడియోకి సమీక్ష రాయించుకుంటే, ఇంకొకడు లిఫ్టు పక్కన ఉన్న హెచ్చరిక బోర్డుకి రాయించాడు. కామాక్షి ఆ ముచ్చట్లు విని లోపల్లోపల మురిసిపోయింది. దాని వెనక తన చెయ్యి ఉందని మాత్రం ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

పత్రికకి రాసే సమీక్షకుల్లో అందరికంటే పెద్దవాడిని మూడు చుక్కలాయన అనేవారు. ఏ వాక్యాన్నీ ముగించడు, మూడు చుక్కలు పెట్టి వదిలేస్తాడు. వాటిని ఏరి పారేయడానికే కామాక్షికి సగం ప్రాణం పోయేది. మూడో రోజు సాయంత్రం ఆయన ‘మిషను మామయ్య’ అనే చిన్న సినిమా మీద సమీక్ష పంపాడు. ఆశ్చర్యంగా అందులో ఒక్కచోట కూడా చుక్కలు లేవు. ఈయనకీ బుద్ధొచ్చిందనుకుని, రెండు కామాలు చేర్చి, సంతోషంగా అచ్చుకి పంపేసింది.

మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతూ పత్రిక తిరగేస్తున్న మరిది ఉన్నట్టుండి పొలమారి దగ్గాడు.

“వదినా! ఇది మన పిండే!”

“ఏది?”

“ఇదిగో, చూడు. ‘మౌనానికి కుట్టిన చొక్కా ఈ చిత్రం.’ ఆ కింద చదువు.”

కింద ఉంది. తలుపు గొళ్ళెం ఒంటరితనంతో మూలుగుతోంది. తను పోసిన వాక్యమే, తను దిద్దిన పేజీలో, తను పెట్టిన కామాతో సహా. కామాక్షికి చెవులు వేడెక్కాయి. మూడు చుక్కలాయన మీద ఎంత కోపం వచ్చిందో, తన మీద అంతకు రెట్టింపు సిగ్గు వేసింది. పరాయి ముసుగులో వచ్చేసరికి కన్నబిడ్డని పోల్చుకోలేని తల్లిలా అయింది ఆమె పని.

ఆఫీసుకి వెళ్ళగానే ఆయన్ని పక్కకి పిలిచింది.

“మీరసలు సినిమా చూశారా?”

“చూద్దామనే వెళ్ళానమ్మా... అప్పటికే పొద్దుట్నుంచి వరసగా సినిమాలు... కుర్చీలో కూర్చోగానే కళ్ళు మూతపడ్డాయి... కథేమిటో ఉత్సవం వాళ్ళ పుస్తకంలో వేశారు కదా, రుబ్బురోలుకి అది చాల్లే అని...”

“అది ఎగతాళికి పెట్టిందండీ!”

“ఎగతాళా...? నాకంటే బాగా రాసిందే అనుకున్నాను...” ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, “అయినా చదివి పంపింది నువ్వే కదమ్మా...” అన్నాడు.

ఆమె పత్రిక తీసుకుని లోపలి గదికి నడిచింది. సంపాదకుడితో చెప్తే ఆయన తేలిగ్గా తీసిపారేశాడు. “ఊరుకో, ఆ మూలనున్న సమీక్ష ఎవడు చదివాడు గనక? కదిపితే కంపు కొట్టేది మనమే.”

చదివినవాళ్ళు మధ్యాహ్నానికల్లా వచ్చి ఆఫీసు గుమ్మంలో నిలబడ్డారు. భుజానికి బరువైన సంచీతో ముప్పయ్యేళ్ళ అమ్మాయి, ఆమె వెనక కొత్తగా ఇస్త్రీ చేసిన చొక్కాలో అరవై దాటిన పెద్దమనిషి. గుమ్మం దగ్గరి వాచ్‌మన్‌తో ఆయన అప్పటికే తన మోకాళ్ళ నొప్పుల చరిత్రంతా చెప్పేసినట్టున్నాడు. ఆ అమ్మాయి ‘మిషను మామయ్య’ దర్శకురాలు. ఆయన ఆమెకి సొంత మేనమామ, సినిమాలో మామయ్య కూడా ఆయనే. కుట్టుమిషన్లు బాగుచేయడం ఆయన వృత్తి.

“ఈ సమీక్ష రాసినవారిని ఒక్కసారి కలవచ్చా అండీ?” అని అడిగింది దర్శకురాలు. సమీక్ష కింద పేరు లేదు, ‘మా ప్రతినిధి’ అని మాత్రం ఉంది.

“ఆయన లేరు. ఆ పేజీ చూసేది నేనే, చెప్పండి,” అంది కామాక్షి.

“నా సినిమా గురించి ఎవరైనా నాలుగు ముక్కలు రాయడం ఇదే మొదలండీ. మా అమ్మకి ఫోన్లో చదివి వినిపించాను, మళ్ళీ చదవమంది.” ఆ అమ్మాయి కుర్చీ అంచున కూర్చుంది. “కానీ ఒక్క సందేహం. ఇందులో అంతా మౌనం గురించే రాశారు. మా మామయ్య మొదటి బొమ్మ నుంచీ ఆఖరి బొమ్మ దాకా మాట్లాడుతూనే ఉంటాడు.”

“నోరాడకపోతే నాకు చెయ్యాడదమ్మా,” అన్నాడు మామయ్య.

“పొద్దుట్నుంచి అదే ఆలోచిస్తున్నాను. అంత అనుభవమున్నవాళ్ళకి కనిపించింది నాకు కనిపించలేదంటే లోపం నాదే కదా! చివరి రోజున ఒక టీవీ వాళ్ళు కొనేందుకు విడిగా చూడటానికొస్తున్నారు. అప్పటికి మామయ్య మాటలు సగానికి సగం తీసేద్దామనుకుంటున్నాను. ఏ చోట మౌనం బాగుందో చెప్తే, దాన్నే పెంచుతాను.”

మామయ్య మొహంలో నవ్వు కాస్త తగ్గింది. “తీసెయ్ తల్లీ. తెలిసినవాళ్ళు చెప్తున్నారు కదా. నాకేం, ఇంట్లో వాగుతాను,” అన్నాడు.

కామాక్షి బల్ల మీది పత్రికని బోర్లా తిప్పి పెట్టింది. అక్కడికక్కడే చెప్పేయాలనిపించింది. చెప్తే, మరి సినిమా ఎలా ఉందని ఆ అమ్మాయి అడుగుతుంది. అప్పుడేం చెప్తుంది?

“మీ సినిమా మళ్ళీ ఎప్పుడు?”

“ఇంకో గంటలో, చిన్న హాల్లో. అదే ఆఖరు ప్రదర్శన.”

“నేను వస్తున్నాను. అది చూసేదాకా కత్తెర పట్టుకోకండి.”

“మీరు చూడలేదా?” అంది ఆ అమ్మాయి ఆశ్చర్యంగా.

“లేదు,” అంది కామాక్షి. అంతవరకైనా నిజం చెప్పగలిగింది.

మరిదికి ఫోన్ చేసింది. అతను చంకకర్రలతో ట్యాక్సీ దిగి, కుంటుకుంటూ వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు. హాల్లో సగం కుర్చీలు ఖాళీ. లైట్లు ఆరాయి.

సినిమాలో మామయ్య చేతిసంచీతో ఇల్లిల్లూ తిరుగుతూ పాత మిషన్లు బాగుచేస్తుంటాడు, చేస్తున్నంతసేపూ మాట్లాడతాడు. మొదటి ఇంట్లోనే కామాక్షికి నవ్వొచ్చింది. రెండో ఇంటి దగ్గర కథ సాగి సాగి ఆవలింత వచ్చింది. కెమెరా కూడా కొన్నిచోట్ల గజగజ వణికింది. తర్వాత ఒక చోట మామయ్య చాలా ఏళ్ళుగా మాటల్లేని అన్నగారికి ఫోన్ చేస్తాడు. క్షమించమని అనడు, తగవు మాటే ఎత్తడు. వదిన మిషనుకి నూనె వేస్తున్నారా, ఏ నూనె వేస్తున్నారు, సూది ఎప్పుడు మార్చారు అని ఊపిరి తిప్పుకోకుండా అడుగుతాడు. అవతల అన్నగారు కూడా నూనె గురించే చెప్తాడు. ఆ మాటలు ఆగితే ఇద్దరూ ఏడుస్తారని హాల్లో అందరికీ తెలుస్తూనే ఉంది. మరిది ముక్కు ఎగబీల్చడం వినిపించింది. కామాక్షి అటు తిరగలేదు, తన కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి.

బయట వసారాలో బల్ల మీద నలుగురూ కూర్చున్నారు. కామాక్షి నాన్చకుండా మొదలుపెట్టింది. రుబ్బురోలు సంగతి, అందులో తను పోసిన వాక్యాల సంగతి, చూడకుండానే వచ్చిన సమీక్షని తను గుర్తుపట్టకుండా దిద్దిన సంగతి, అన్నీ చెప్పేసింది.

దర్శకురాలు సంచీలోంచి ఆ పత్రిక తీసి గొళ్ళెం వాక్యం మీద వేలు పెట్టింది.

“నవ్వుకోవడానికి చేశారా?” అంది.

“అవును.”

“నవ్వొచ్చిందా?”

“వచ్చింది. పొద్దున్నదాకా.”

“మా అమ్మకి చదివి వినిపించానండీ నేను!” ఆ అమ్మాయి పత్రికని బల్ల మీద పడేసింది. “ఇంకాసేపట్లో మామయ్య మాటలన్నీ కోసి పారేసేదాన్ని. మీరొక మిషను చేత...” మాట పూర్తిచేయలేక మొహం తిప్పుకుంది.

“మిషనా? రాసింది మిషనా?” మామయ్య ఆసక్తిగా ముందుకి వంగాడు. “మరి గొళ్ళెం మూలుగుతుందని దానికెలా తెలిసింది? మా ఇంటి గొళ్ళెం నిజంగానే మూలుగుతుంది. నూనె వెయ్యాలి వెయ్యాలి అనుకుంటూనే ఉన్నాను.”

మరిది నవ్వు ఆపుకోలేకపోయాడు. దర్శకురాలు మేనమామ వంక కోపంగా చూసి, చూస్తూ చూస్తూనే తనూ నవ్వేసింది. వెంటనే కళ్ళు తుడుచుకుంది.

“మీరిప్పుడు చూశారు కదా, చెప్పండి. ఎలా ఉంది? నన్ను ఓదార్చొద్దు.”

కామాక్షి చెప్పింది. అన్నదమ్ముల ఫోన్ దగ్గర ఒక్క మాట తీసినా సినిమా చచ్చిపోతుందంది. మామయ్య మాటలే దాని ప్రాణమంది. రెండో ఇల్లు మాత్రం విసుగు పుట్టించిందని, కెమెరా పట్టుకున్నవారికి చలిజ్వరమేమో అనిపించిందని కూడా చెప్పింది. ఆఖరి మాటకి ఆ అమ్మాయి ముఖం మాడ్చుకుంది. కెమెరా పట్టుకున్నది ఆమే.

ఆ సాయంత్రం కామాక్షి తన జీవితంలో మొదటి సమీక్ష రాసింది. కింద అసలు పేరు పెట్టింది. దానితోపాటు, నిన్నటి సమీక్ష సినిమా చూసి రాసింది కాదు, క్షమించమని రెండు వాక్యాలు జతచేసింది. సంపాదకుడు ఇంతెత్తున లేచాడు.

“ఇది వేస్తే మన పరువేం కాను?”

“వెయ్యకపోతే ఆ పిల్ల సినిమా ఏం కాను?”

“వచ్చే ఏడు ఈ కుర్చీలో నువ్వుండాలని లేదా?”

“ఉంటే ఉంటాను, లేకపోతే లేదు. ముందు ఇది వెయ్యండి.”

ఆయన సమీక్ష వేశాడు. క్షమాపణని ఆఖరి పేజీలో, ప్రకటన కింద, చీమ తలకాయంత అక్షరాల్లో వేశాడు. వేశాడు కాబట్టి ఆమె ఊరుకుంది. మూడు చుక్కలాయన కొన్నాళ్ళు ఆమె వంక చూడకుండా తిరిగాడు.

టీవీ వాళ్ళు సినిమా మొత్తం చూసి, బాగుందని చెప్పి, కొనకుండా వెళ్ళిపోయారు. తర్వాత ఎక్కడో చిన్న చిత్రోత్సవం వాళ్ళు అడిగి వేసుకున్నారు. ఆ మరుసటి ఏడు కామాక్షిని పత్రికలోకి పిలవలేదు. ఆమె కొన్నాళ్ళు బాధపడి, చందా కట్టి, ప్రేక్షకురాలిగా వెళ్ళి సినిమాలు చూసింది. మరిది కాలు అతుక్కుంది. రుబ్బురోలుని తీసేయమని ఆమె అనలేదు. ‘ఇక్కడ రుబ్బినవేవీ ఎవరూ చూసి రాసినవి కావు’ అని అతనే పైన పెద్ద అక్షరాలతో పెట్టాడు.

చాలా నెలల తర్వాత ఓ ఆదివారం ఉదయం దర్శకురాలు ఫోన్ చేసింది. పలకరింపులేమీ లేవు.

“రెండో ఇల్లు విసుగొచ్చిందన్నారు కదా! మీరు రాసింది మళ్ళీ చదివాను. నేనొప్పుకోను.”

“ఎందుకొప్పుకోవు?” అంది కామాక్షి, కుర్చీ దగ్గరికి లాక్కుని.

“ఆ ఇంట్లో ఆవిడ మామయ్య మాటలు వినట్లేదు. మీరు కూడా విని ఉండరు.”

“విన్నాను కాబట్టే ఆవలింత వచ్చింది. ఆవిడ వినట్లేదని ఒక్కసారి చూపిస్తే సరిపోదా, అంతసేపెందుకు?”

“అంతసేపు ఉంటేనే కదండీ...”

కామాక్షి భర్త దుకాణానికి వెళ్తూ చూశాడు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి తిరిగొచ్చి చూసినా వాళ్ళిద్దరూ ఫోన్లో ఇంకా ఆ రెండో ఇంట్లోనే ఉన్నారు, ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు.