నేను ఆలస్యంగా నడవలేదు

నేను ఒక చేతి గడియారాన్ని. పెళ్లిళ్లలో చొక్కా చెయ్యి కాస్త పైకి లాగి పక్కవాడికి చూపించుకునే రకం కాదు. సముద్రం అడుగున, మూరెడు దూరం కూడా కనిపించని మసక నీళ్లలో, మనిషికి ఇంకా ఎంత వ్యవధి మిగిలిందో చెప్పడానికి పుట్టినదాన్ని. ఈ తేడా ముందే చెప్పకపోతే నా కోపం మీకు అర్థం కాదు. నాకు కోపం ఉంది. ఒక విచారణ కాగితం మీద నా గురించి రాసిన మాట ఇంకా చెరగలేదు కనుక, ఆ కోపం చల్లారే దాకా చెబుతూనే ఉంటాను.

మా పుట్టిల్లు జపాను. మా వంశంలో మొదటిది వెయ్యిన్ని తొమ్మిది వందల అరవైల నడుమ నీళ్లలోకి దిగింది. నూట యాభై మీటర్ల లోతుకు తట్టుకునేది. దక్షిణ ధ్రువం మంచులో పనిచేసిన జపాను బృందాల చేతులకు కూడా వెళ్లింది. తర్వాతిది అంతకు రెట్టింపు లోతుకు దిగింది. అందరూ మెచ్చుకుంటున్న రోజుల్లోనే ఒక డైవరు కుండబద్దలు కొట్టాడు: మరీ లోతున రోజుల తరబడి పనిచేసే మాకు మీ గడియారాలు పనికిరావు, అద్దాలు ఊడి ఎగిరిపోతున్నాయి అని. అక్కడ వాళ్లు పీల్చే హీలియం అనే సన్నటి వాయువు గడియారంలోకి దూరి, పైకి వచ్చేటప్పుడు బయటపడే దారి లేక అద్దాన్ని తన్నేస్తుంది.

తయారుచేసినవాళ్లు ఏం చేశారో తెలుసా? నువ్వెవడివి చెప్పడానికి అనలేదు. తప్పు డైవరుదే అని కూడా అనలేదు. ఏళ్ల తరబడి కూర్చుని, ఆ వాయువు దూరకుండా టైటానియం ఒళ్లుతో కొత్తదాన్ని తయారుచేశారు. ఆ తర్వాత బ్యాటరీతో నడిచేవి వచ్చాయి, లోతు ఎంతో చెప్పేవి వచ్చాయి. నేను మాత్రం ఎనభైల చివర్లో పుట్టిన మామూలు ఉక్కుదాన్ని, చెయ్యి కదిలితే నాకు నేనే కీ ఇచ్చుకునేదాన్ని. తిట్టినవాడి మాట విని పని సరిదిద్దుకున్నవాళ్ల చేతుల్లో పుట్టాను. అందుకే ఆ తర్వాత నేను చూసినవి నాకు మింగుడుపడలేదు.

ఇంకొక్క సంగతి చెప్పాలి. నా ముఖం చుట్టూ పళ్లున్న ఒక అంచు తిరుగుతుంది. నీళ్లలోకి దిగేటప్పుడు దాని మీది గుర్తును నిమిషాల ముల్లుకు ఎదురుగా పెడితే, దిగి ఎంతసేపయిందో చూడగానే తెలుస్తుంది. పాతవాటిలో ఆ అంచు రెండు వైపులా తిరిగేది. ఏ రాయో తగిలి అది పక్కకు జరిగితే, మనిషి తనకు ఇంకా వ్యవధి ఉందనుకుని అడుగునే ఉండిపోయే ప్రమాదం. అందుకని నా అంచు ఒక్క వైపుకే తిరుగుతుంది. తగిలి జరిగినా ఎక్కువసేపు అయినట్టే చూపిస్తుంది. అంటే మనిషి ముందుగా పైకి వస్తాడు తప్ప ఆలస్యంగా రాడు. పొరపాటు పడినా ప్రాణం వైపే పడేలా నన్ను చేశారు.

నన్ను మొదట కొన్నది రంగనాయకులు గారు. సరుకు ఓడలో చీఫ్ ఇంజనీరు. జపానులోనే, కోబే రేవులో కొన్నారు. మంచివారే. కానీ చేతులు కడుక్కునే ముందు నన్ను తీసి జేబులో పెట్టుకునేవారు! వాన చినుకు పడితే రుమాలు చుట్టేవారు. సముద్రం మీద ఏళ్లు గడిపి, నేను ఒక్క ఉప్పునీటి బొట్టు రుచి చూడలేదు.

ఒకసారి విశాఖపట్నం బయట మా ఓడను నడిపే అడుగు ఫ్యానుకు మోకులు చుట్టుకుని కదలలేదు. వాటిని కోయడానికి ఒక డైవరు వచ్చాడు. వాసుపల్లి ఎల్లాజీ. చేపలు పట్టే పల్లెకారుల కుటుంబం, వెడల్పాటి ఛాతీ, నవ్వితే కళ్లు మూసుకుపోయే మనిషి. పని ముగించి పైకి వచ్చి, వణుకుతూ టీ తాగుతూ, రంగనాయకులు గారి చేతి వంక చూశాడు.

"ఇది నీల్లలోకి దిగేది కదా బాబూ? పొడిగా ఉంచేసినారేటి?"

రంగనాయకులు గారు సిగ్గుపడ్డారు. కాసేపు ఆలోచించి నన్ను విప్పి అతని చేతికే కట్టారు. ఆయన చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది అదే.

అప్పటినుంచి నేను బతికాను. ఓడల అడుగున నత్తగుల్లలు గీకుతుంటే ఉన్నాను, రేవు గోడల పగుళ్లు పూడుస్తుంటే ఉన్నాను. చీకటి నీళ్లలో పచ్చగా వెలిగే నా ముళ్ల వంక ఎల్లాజీ చూసే చూపులో ఎంత నమ్మకం ఉండేదో! ఇంటికి వెళ్లగానే అతని భార్య కాసులమ్మ నన్ను మంచినీళ్లతో కడిగేది. "ఉప్పు ఉండిపోతే తినేస్తాది" అనేది. ఆ ఇంట్లో నాకు ఒక మనిషికి జరిగే మర్యాద జరిగింది.

ఇక అసలు సంగతి. రేవు బయట ఇసుక మోసే ఒక పడవ మునిగిపోయింది. దాన్ని పైకి తీసే పని పద్మనాభం అనే కాంట్రాక్టరుకు దక్కింది. ఎల్లాజీ దిగి పడవ కింద నుంచి ఇనుప మోకులు దూర్చాలి, పై నుంచి క్రేను లాగాలి. ఎల్లాజీకి గాలి అందేది పైనున్న యంత్రం నుంచి, గొట్టం ద్వారా. ఒంటి మీద బరువులు ఉంటాయి కనుక పైకి రావాలంటే నడుముకు కట్టిన తాడును మళ్లీ మళ్లీ లాగి సైగ చేయాలి. పైన పనివాళ్ల పడవలో ఆ తాడు పట్టుకున్నవాడు కాసులమ్మ తమ్ముడు బంగారయ్య.

లోతున ఎక్కువసేపు ఉంటే పీల్చిన గాలి ఒంట్లోకి ఇంకుతుంది. ఒక్కసారిగా పైకి వస్తే, సోడా మూత తీసినట్టు ఒళ్లంతా బుడగలవుతుంది. అందుకే సమయానికి బయలుదేరాలి, మధ్యలో ఆగుతూ రావాలి. ఇది పద్మనాభానికి తెలియనిది కాదు.

నా ముల్లు హద్దుకు చేరింది. ఎల్లాజీ నన్ను చూశాడు, తాడు లాగాడు. పైనుంచి ఏమీ లేదు. మళ్లీ లాగాడు. ఈసారి జవాబుగా ఒక్క లాగు వచ్చింది. ఉండమని దాని అర్థం. అతను నా వంక చూసిన చూపు నేను మరవలేను. మళ్లీ లాగాడు. నేను చెప్పాల్సింది చెబుతూనే ఉన్నాను, ముల్లు హద్దు దాటిపోతూనే ఉంది. చేసేది లేక అతను ఆఖరి మోకు కూడా దూర్చాడు.

అప్పుడు లాగారు. మధ్యలో ఎక్కడా ఆపకుండా, బకెట్టును బావిలోంచి లాగినట్టు.

పైకి వచ్చాక ఎల్లాజీ నవ్వబోయాడు. తర్వాత మోకాళ్లు పట్టుకుని పడవ మీద కూలబడ్డాడు. "కాల్లు ఏటో అయిపోనాయిరా బంగారీ" అన్నాడు. గాలి ఒత్తిడి పెంచి ఆ బుడగలు కరిగించే గది ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి నడుము కింద స్పర్శ లేదు.

విచారణ పెట్టారు. కాసులమ్మ నన్ను కొంగున కట్టుకుని వచ్చింది. బల్ల వెనక ఒక అధికారి, పక్కన పద్మనాభం, తలుపు దగ్గర తల వంచుకుని బంగారయ్య.

పద్మనాభం గొంతు సవరించుకున్నాడు. "మనిషి మంచివాడే సార్. కానీ ఎవరో పారేసిన పాత గడియారం కట్టుకుని దిగాడు. అది ఆలస్యంగా నడిచింది. పాపం, టైము తెలియక అడుగునే ఉండిపోయాడు. మేం పైనుంచి ఎంత పిలిచినా రాలేదు."

నేనా! నాకు నోరుంటే ఆ గది గోడలు అదిరేవి. నన్ను చేసినవాళ్లు ఒక డైవరు కసురుకుంటే ఏళ్లపాటు తల వంచుకుని పనిచేశారు. ఈయన ఒక డైవరు కాళ్లు తీసేసి, ఆ నేరం ఒక గడియారం మీద పెడుతున్నాడు!

అధికారి నన్ను తీసుకుని చెవి దగ్గర ఊపాడు. "నడుస్తోందే" అన్నాడు నీరసంగా.

కాసులమ్మ లేచింది. అతని చేతిలోంచి నన్ను తీసుకుని, బల్ల మీదున్న నీళ్ల జగ్గు మూత తీసి అందులో వేసేసింది.

"ఏంటమ్మా ఇది!" అన్నాడు అధికారి.

"నాది నీల్లలో ఉన్నాది బాబూ. ఆయన సేతికున్నది కూడా ఇందులో ఎయ్యమనండి. రేప్పొద్దున్న తీసి సూడండి, ఏది ఆగిపోతాదో, ఏది నడుస్తాదో. నా పెనివిటి దీన్ని నమ్ముకునే ఇన్నేల్లు బతికినాడు. అబద్ధమాడింది గడియారమా, మనిసా?"

పద్మనాభం తన బంగారు రంగు గడియారాన్ని రెండో చేత్తో కప్పుకున్నాడు. ఎవరో నవ్వారు. కాసులమ్మ నవ్వలేదు. తమ్ముడి వైపు తిరిగింది.

"నీకు నోరు నేదేట్రా?"

బంగారయ్య కాంట్రాక్టరు వంక చూశాడు. పద్మనాభం దగ్గరే అతని బతుకుతెరువు. చేతులు ముందుకు చాపి చూశాడు, అవి తనవి కానట్టు.

"బావ తాడు లాగినాడు బాబూ. ఈ సేతుల్లోనే లాగినాడు. సాయంత్రానికి క్రేను ఎల్లిపోతాది, ఉండమని సెప్పు అన్నది ఈయనే. మద్దిలో ఆపుతాను బాబూ అంటే, ఆపక్కర్లేదు లాగేయ్ అన్నది కూడా ఈయనే. నాను బయపడి లాగీసినాను."

జగ్గు అడుగున నేను నడుస్తున్న చప్పుడు వాళ్లకు వినిపించలేదు గానీ, నేను నడుస్తూనే ఉన్నాను.

ఇంత జరిగాక కాగితం మీద ఏం రాశారంటారా? "గడియారంలో లోపం లేదని నిర్ధారణ కాలేదు" అని రాశారు. నిర్ధారణ కాలేదట! కాంట్రాక్టరుకు ఇకపై జాగ్రత్తగా ఉండమని హెచ్చరిక. ఎల్లాజీకి సానుభూతి.

కానీ మర్నాడు రేవులో ఒక్క డైవరు కూడా పద్మనాభం పనికి దిగలేదు. తాడు లాగితే పైవాడు మారుమాట లేకుండా లాగాలి, అలా ఒప్పుకుంటేనే నీళ్లలో కాలు పెడతాం అన్నారు. అతను వేరే రేవు నుంచి మనుషుల్ని రప్పించాడు. వాళ్లు ఒడ్డున టీకొట్టు దగ్గర సంగతంతా విని, వచ్చిన బస్సులోనే వెనక్కి పోయారు. వర్షాలు మొదలయ్యేలోగా పద్మనాభం పని వదులుకుని వెళ్లిపోయాడు. కొత్తగా వచ్చినవాడు డైవర్ల షరతుకు ఒప్పుకున్నాడు.

ఎల్లాజీ కాళ్లకు కొంత బలం తిరిగి వచ్చింది. కర్ర ఊతంతో నడుస్తాడు. నీళ్లలోకి మాత్రం ఇక దిగలేడు, అతనితోపాటు నేనూ దిగలేను. కాసులమ్మ వద్దంటున్నా మళ్లీ పడవెక్కాడు. తాడు పట్టుకునే పని అడిగి తీసుకున్నాడు.

మొదటి రోజు నీళ్లలోకి దిగింది, బావ దగ్గర డైవరు పని నేర్చుకున్న బంగారయ్యే. ఎల్లాజీ నా అంచు తిప్పి గుర్తు పెట్టాడు. ఆ తర్వాత నా మీంచి చూపు తిప్పలేదు, టీ ముట్టలేదు. సమయం దగ్గరపడుతుంటే కొత్త కాంట్రాక్టరు మనిషి పక్కకు వచ్చి, "ఇంకొంచెం ఉంటే పని అయిపోతుంది కదా" అని నసిగాడు. ఎల్లాజీ అతని వైపు చూడనైనా లేదు. కింద నుంచి సైగ రాకముందే తాడు అందుకుని, ఆపాల్సిన చోటల్లా ఆపుతూ, పసిబిడ్డను ఎత్తుకున్నంత జాగ్రత్తగా పైకి తెచ్చాడు.

బంగారయ్య ముఖానికున్న తొడుగు పీకేసి అంతెత్తున లేచాడు. "ఇంకొక్క ముడే మిగిలింది బావా! అప్పుడే లాగీసినావేటి? నీకేటన్నా బుద్దుందా?"

ఎల్లాజీ కళ్లు మూసుకుపోయేలా నవ్వాడు.

"తిట్టరా, ఇంకా తిట్టు. ముడి రేపు ఏసుకోవచ్చు గానీ, ముందు కాల్లు కదుపు, సూస్తాను."

బంగారయ్య ఒక్క క్షణం ఆగి, బావ ముఖం చూసి, పడవ చెక్కల మీద రెండు పాదాలూ టపటపా కొట్టాడు.