రెండు చిప్పులు, ఒక బస్సు

కళ్ళజోళ్ళాయన పొద్దున షాపు తలుపు తీసింది మొదలు సాయంత్రం మూసేదాకా జనాన్ని ఒకటే ప్రశ్న అడుగుతాడు. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద పరీక్ష చట్రం తగిలించి, అందులో అద్దాలు మార్చి మార్చి, "ఇది బాగుందా? పోనీ, ఇది బాగుందా?" అంటాడు. అవతలివాళ్ళు తడుముకుంటే విసుక్కోడు. మళ్ళీ మొదటి అద్దం పెడతాడు. అంత ఓపిక.

తనే ఏదన్నా ఎంచుకోవలసి వస్తే మాత్రం ఆయనకు చెమటలు పడతాయి. ఒకసారి చొక్కా కొందామని వెళ్ళి, రెండు రంగుల మధ్య ఇరుక్కుని, దుకాణంవాళ్ళు లైట్లు ఆర్పేస్తుంటే ఒక చేతిరుమాలు కొనుక్కుని ఇంటికొచ్చాడు. ఆ రుమాలు కూడా భార్య మర్నాడు మార్చి తెచ్చింది.

అటువంటి మనిషి నెత్తిన కంప్యూటరు పంచాయితీ వచ్చి పడింది.

వాళ్ళింట్లో కంప్యూటరు ఒక్కటే. హాల్లో, కిటికీ పక్కన బల్ల మీద ఉంటుంది. పగలు దాని ముందు భార్య కూర్చుంటుంది. ఆవిడ పని వంటిళ్ళు గీయడం. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్ళు కొలతలు పంపిస్తే గట్టు ఎక్కడ, సింకు ఎక్కడ, అరలెన్ని అని కంప్యూటరులోనే వంటిల్లు కట్టేస్తుంది. చివర్లో మీట నొక్కితే అది ఫోటో తీసినంత అందమైన బొమ్మ తయారుచేస్తుంది. ఆ బొమ్మ తయారయ్యేంతసేపూ పాత కంప్యూటరు కొండెక్కే లారీలా మూలిగేది.

సాయంత్రమైతే ఆ కుర్చీ ఆవిడ మామగారిది, అంటే కళ్ళజోళ్ళాయన తండ్రిది. ఆయన ఉద్యోగమంతా దూరప్రాంతాల బస్సు నడపడమే. రిటైరయ్యాక రోజూ స్కూటరు స్టార్ట్ చేసుకుని టీకొట్టుకు బయల్దేరతాడు. అప్పటికీ చేతులు ఊరుకోక, బస్సు నడిపే ఆట ఒకటి నేర్చుకున్నాడు. బల్ల అంచుకు స్టీరింగు బిగిస్తాడు, కింద పెడల్స్ సర్దుకుంటాడు, డ్యూటీ బూట్లు తొడుక్కుంటాడు. వెనక సోఫాలో ఎవరూ లేకపోయినా, "ఎక్కాల్సినవాళ్ళు ఎక్కండి, బయల్దేరుతున్నాం" అని కేకేస్తే తప్ప బండి కదలదు.

ఒక మధ్యాహ్నం, ఎవరిదో వంటింట్లో పలకలు మెరుస్తుండగా, కంప్యూటరు చిన్న కాలిన వాసన వదిలి కన్నుమూసింది.

కంప్యూటర్ల షాపావిడ మూత విప్పి చూసి పెదవి విరిచింది. "బోర్డు పోయిందండీ. కొత్త బోర్డు, కొత్త ప్రాసెసర్ చిప్పు వెయ్యాల్సిందే. రెండు రకాలున్నాయి. ధర ఇంచుమించు ఒకటే."

'రెండు' అన్నమాట వినగానే కళ్ళజోళ్ళాయన తలుపు వైపు చూశాడు.

"ఇదిగో, ఇందులో పదహారు కోర్లు. అంటే పదహారుమంది పనివాళ్ళనుకోండి. ఎంత పెద్ద పనైనా పంచుకుని పడేస్తారు. మీ ఆవిడగారి వంటిళ్ళకు ఇది బ్రహ్మాండంగా ఉంటుంది. ఇంకోదాంట్లో ఎనిమిదిమందే. కానీ కావలసిన సామానంతా వాళ్ళ చేతికందేట్టు పక్కనే పెద్ద అరలో ఉంటుంది. ప్రతిదానికీ గోడౌనుకు పరిగెత్తక్కర్లేదు. ఆటలకు దాన్ని మించింది లేదు."

"రెండింట్లో ఏది మంచిదంటారు?"

"రెండూ మంచివే" అంది ఆవిడ. అంతకన్నా ఆవిడ ఆయన్ని తిట్టినా బాగుండేది.

ఇంట్లో విషయం చెప్పగానే భార్య క్షణం కూడా ఆలోచించలేదు. "పదహారు ఎక్కువా, ఎనిమిది ఎక్కువా? ఇందులో అడగడానికేముందండీ?"

మామగారు పేపరు మడిచి పక్కన పెట్టాడు. "ఒక బస్సుకు పదహారుమంది డ్రైవర్లుంటే ఆ బస్సు ఎటు పోతుందమ్మా?"

"బస్సు కాదు మామయ్యా, నా పని."

"పని ముఖ్యమే, కాదనను. కానీ ఆ పాతదానితో నేనెంత అవస్థ పడ్డానో నీకేం తెలుసు? రోడ్డు మీద ఎప్పుడూ పొగమంచే. ఎదురుగా వచ్చే బండి లైట్లు పగిలిపోయి, చుట్టూ వలయాలు వలయాలుగా కనపడేవి. బోర్డులు పక్కకొచ్చేదాకా కనిపించి చావవు. ఆటలో పరిచయమైన స్నేహితుణ్ణడిగితే ఫ్రేములు పడిపోతున్నాయన్నాడు, అంటే బొమ్మలు సరిగ్గా అందడంలేదట. అదంతా ప్రాసెసర్ నీరసమే. టోల్ గేటు గుద్దేశానంటే ఊరికే గుద్దానా?"

కళ్ళజోళ్ళాయన ఇద్దరికీ తలూపాడు. ఆ తలూపడమే కొంప ముంచింది. ఎవరికి వాళ్ళు ఆయన తమ వైపే అనుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం షాపులో అన్నం డబ్బా విప్పితే ఆయనకిష్టమైన కూర అడుగుదాకా ఉంది. "ఇంకా ఏమీ తేల్చలేదు" అని సాయంత్రం ఇంట్లో నసిగాడు. ఆ పై రోజు కూరలో ఉప్పు లేదు.

మామగారి పద్ధతి వేరు. ఆయన ఫ్లాస్కునిండా టీ పట్టుకుని నేరుగా కళ్ళజోళ్ళ షాపుకే వచ్చి కూర్చున్నాడు. కొడుకు ఎవరికో కళ్ళు పరీక్షిస్తుంటే వెనకనుంచి అందుకున్నాడు.

"ఒరేయ్, ఎనిమిదైనా పొందిగ్గా ఉంటుందిరా. ఎంతమందున్నారని కాదు, ఎవరెంత చురుగ్గా ఉన్నారని చూడాలి."

"నాన్నా, పనిలో ఉన్నాను." కొడుకు అద్దం మార్చాడు. "చెప్పండి, ఇది బాగుందా? ఇది బాగుందా?"

కుర్చీలో పెద్దమనిషి చట్రంతోనే వెనక్కి తిరిగి, "నన్నడిగితే ఎనిమిదే బాగుందండీ" అన్నాడు.

ఆ రోజు ఆయన పరీక్ష మళ్ళీ మొదటినుంచి చెయ్యవలసి వచ్చింది.

చివరికి తల ప్రాణం తోకకొచ్చి కళ్ళజోళ్ళాయన షాపావిడ కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఆవిడ జాలిపడి, "రెండు రకాలవీ బిగించిన మెషీన్లు నా దగ్గరున్నాయి. ఆదివారం అందరూ రండి, వాడి చూసుకోండి" అంది.

ఆదివారం ముగ్గురూ బయల్దేరారు. భార్య తన చేతిసంచిలో ఒక వంటిల్లు పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చింది. మామగారు స్టీరింగు ఒక సంచిలో, పెడల్స్ ఇంకో సంచిలో పెట్టుకుని, డ్యూటీ బూట్లు మెరిసేలా తుడుచుకుని వచ్చాడు. చూసినవాళ్ళు ఎక్కడో బస్సు విప్పి పార్టులు పట్టుకొస్తున్నాడనుకునేలా ఉన్నాడు.

ముందు వంటిల్లు. పదహారు కోర్ల మెషీను మీద మీట నొక్కిందో లేదో గట్టు వచ్చింది, గట్టు మీద వెలుగు పడింది, గాజు తలుపుల్లో నీడలు కూడా తేలాయి. షాపావిడ ఇచ్చిన టీ ఇంకా వేడిగానే ఉంది. ఎనిమిది కోర్లదీ బాగానే చేసింది కానీ టీ చల్లారిపోయింది. భార్య ముఖం వెలిగిపోయింది. "చూశారా?" అని మొగుడి వైపు తిరిగింది. ఆయన తలూపబోయి, తండ్రి చూస్తున్నాడని మెడ సవరించుకున్నట్టు నటించాడు.

తరవాత మామగారు ఎనిమిది కోర్ల మెషీను ముందు కూర్చున్నాడు. స్టీరింగు బిగించాడు. షాపులో ఉన్న నలుగురూ చుట్టూ మూగారు. "ఎక్కాల్సినవాళ్ళు ఎక్కండి" అన్న కేకకు కీబోర్డు కొనుక్కోవడానికొచ్చిన ఒకాయన ఉలిక్కిపడి ఒక అడుగు ముందుకేశాడు.

బండి కదిలింది. ఎక్కడా కుదుపు లేదు. చెట్లు, రాళ్ళు, లోయ అన్నీ నీళ్ళలా జారిపోతున్నాయి. "అబ్బ! ఏం నడుపుతున్నారండీ!" అన్నారెవరో. మామగారు మీసం కింద నవ్వుకుంటూ మలుపు తిప్పాడు. మలుపవతల, నడిరోడ్డు మీద, ఇల్లంత పసుపుపచ్చ లారీ ఆగి ఉంది.

అందరికీ కనిపించింది. భార్య "మామయ్యా!" అని అరిచింది. ఆయన మాత్రం హాయిగా గేరు మార్చి, బస్సును తీసుకెళ్ళి లారీకి గుద్దేశాడు.

"చూశారా!" అన్నాడు గెలిచినవాడిలా వెనక్కి తిరిగి. "ఈ కొత్తదాంట్లోనూ అదే పొగమంచు! ఇంత ఖరీదు పెట్టి ఏం లాభం?"

భార్య తెర వైపు ఒకసారి, మామగారి వైపు ఒకసారి చూసింది.

"పొగమంచా? ఎక్కడ మామయ్యా?" అంది భార్య మెల్లిగా.

"ఎక్కడేమిటమ్మా, రోడ్డంతా!"

షాపావిడ ఇబ్బందిగా గొంతు సవరించుకుంది. "నేనందులో మిట్టమధ్యాహ్నం ఎండ పెట్టానండీ."

కళ్ళజోళ్ళాయన చెవులు వేడెక్కాయి. ఎదురు లైట్ల చుట్టూ వలయాలు, మసక, దూరం బోర్డులు కనపడకపోవడం. ఈ మాటలు ఆయన రోజూ కుర్చీలో కూర్చున్నవాళ్ళ నోట వింటాడు. పరాయివాళ్ళు చెప్తే సగంలోనే "శుక్లాలండీ, డాక్టరు దగ్గరికి వెళ్ళండి" అంటాడు. కన్నతండ్రి తన హాల్లో కూర్చుని మాట పొల్లుపోకుండా చెప్తే, తీసుకెళ్ళి కంప్యూటర్ల షాపులో అప్పజెప్పాడు.

"నాన్నా, రేపు ఒకసారి షాపుకి రా."

"ఎందుకురా? చిప్పులు నువ్వు కూడా అమ్ముతున్నావా?"

మర్నాడు మామగారు వచ్చి, రాజులా కుర్చీలో కూర్చున్నాడు. కొడుకు ఆయన ముక్కు మీద అద్దాల చట్రం తగిలించి, లైటు వేసి, "ఎదురుగా చార్టు చూడు. ఎంత కిందిదాకా చదవగలవో చదువు" అన్నాడు.

"కిందిదాకా ఏమిట్రా, అన్నిటికన్నా కింది వరసే చదువుతా" అని, తడబాటన్నది లేకుండా అక్షరాలన్నీ గడగడా అప్పజెప్పాడు.

కొడుకు చేతిలో అద్దం కింద పెట్టాడు. "నాన్నా, అక్కడ అంకెలున్నాయి."

మామగారు చార్టు వైపు చూశాడు. కళ్ళు చికిలించి చూశాడు. "ఎప్పుడు మార్చావ్?"

"పొద్దున."

"తండ్రితో ఒక్కమాటైనా చెప్పకుండా చార్టు మార్చేస్తావా?" అని ఆయన నిజంగానే కోప్పడ్డాడు.

కొడుకుకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "ఎన్నాళ్ళనుంచి? నాకెందుకు చెప్పలేదు?"

మామగారు బూట్ల వైపు చూసుకుంటూ కూర్చున్నాడు. "చెప్తే స్కూటరు తాళం లాక్కుంటావని."

"మరి రోజూ ఆ కళ్ళతోనే స్కూటరు నడుపుతున్నావా?" కొడుకు స్టూలు ఇంకా ముందుకు జరిపాడు.

"ఛ! ఏం మనిషిననుకున్నావురా నన్ను?" ఆయన గొంతు లేచింది. "అంతమందిని క్షేమంగా ఇళ్ళకు చేర్చినవాణ్ణి. కనపడకుండా బండి నడుపుతానా? ఇంటి ముందు మీ ఆవిడకు వినపడేట్టు స్టార్ట్ చేస్తాను. గేటు దాటగానే ఆపేసి, తోసుకుంటూ టీకొట్టు దాకా తీసుకెళ్ళి అక్కడ పెడతాను. ఆ తరవాత నడకే. వచ్చేటప్పుడూ అంతే." కాస్త ఆగి, గొంతు తగ్గించాడు. "ఆటలో అయితే గుద్దినా ఎవరికీ ఏమీ కాదు కదా. అందుకే అది ఒక్కటీ వదల్లేదు. అందులో మసక మాత్రం చిప్పుదేననుకున్నా."

కొడుకు లేచి, తండ్రి ముక్కు మీదనుంచి చట్రం తీసి, అద్దాలు ఒక్కొక్కటే పెట్టెలో సర్దాడు. సర్దినవే మళ్ళీ సర్దాడు.

కళ్ళ డాక్టరు చూసి రెండు కళ్ళకూ శుక్లాలే అన్నాడు. ముందు ఒక కన్ను, తరవాత రెండోది ఆపరేషన్ చేద్దామన్నాడు.

ఇక కంప్యూటరు గొడవ తీరినట్టే అనుకున్నాడు కళ్ళజోళ్ళాయన. తీరలేదు, తిరగబడింది.

"మామయ్య కొత్త కళ్ళతో చూడబోతున్నారు. ఆటలకు బాగుండేదే తెండి" అంది భార్య.

"పిచ్చి మాటలొద్దు. అమ్మాయి పనికి పనికొచ్చేదే తే" అన్నాడు మామగారు, ఒక కంటికి కట్టుతో.

"మీరూరుకోండి మామయ్యా, ఎనిమిదే."

"పదహారంటే పదహారే! పెద్దవాణ్ణి చెప్తుంటే!"

వెనకటి పోట్లాటే నయమనిపించింది ఆయనకు. అప్పుడు కనీసం ఎవరికేం కావాలో తెలిసేది. చెప్పులేసుకుని కంప్యూటర్ల షాపుకి వెళ్ళి, కౌంటరు మీద మోచేతులానించి మొత్తం కథంతా చెప్పుకున్నాడు. షాపావిడ విని, "ఇంతకీ మీ ఇంట్లో స్క్రీన్ ఏదండీ?" అంది.

చెప్పాడు.

"అది మామూలు స్క్రీనే. సెకనుకు అరవై బొమ్మలకు మించి చూపించడం దానివల్ల కాదు. పెద్దాయన ఆటకు ఆ అరవై ఈ రెండు చిప్పులూ అవలీలగా ఇస్తాయి. మీ ఇంట్లో ఆయనకు తేడా తెలియను కూడా తెలియదు. పదహారు కోర్లది తీసుకుంటే ఆవిడ బొమ్మ తయారవుతుండగానే, కొన్ని కోర్లు ఆటకు వదిలేట్టు పెట్టుకుని, ఆయన బస్సు తోలుకోవచ్చు."

"ఈ ముక్క మొదటే చెప్పొచ్చుగా!"

"మీరు స్క్రీను గురించి అడగలేదుగా. ఏది మంచిదని అడిగారు."

కళ్ళజోళ్ళాయన పదహారు కోర్లది అక్కడికక్కడే కొనేశాడు. ఎవరికీ ఫోను చెయ్యలేదు, రెండోసారి ఆలోచించలేదు. ఇంటికొచ్చి డబ్బా బల్ల మీద పెట్టి, "తెచ్చేశాను" అన్నాడు.

"ఎవర్నడిగారు?" అంది భార్య.

"ఎవర్నీ అడగలేదు. నేనే."

ఆవిడ దగ్గరికొచ్చి, ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

రెండో కన్ను కూడా కుదుటపడి, డాక్టరు సరేనన్నాక, ఒక సాయంత్రం మామగారు స్టీరింగు పట్టుకుని హాల్లోకి వచ్చాడు. తెర మీద కోడలు అప్పుడే పూర్తిచేసిన వంటిల్లు ఉంది. ఆయన అలాగే నిలబడిపోయాడు. దగ్గరికొచ్చి చూశాడు. వెనక్కెళ్ళి చూశాడు.

"ఇన్నాళ్ళూ నువ్వు చేస్తున్నది ఇదా అమ్మా? నాకు గచ్చకాయ రంగు గోడలా కనిపించేది."

కోడలు మురిసిపోయేలోపే ఆయన వేలు చూపించాడు. "అది సరే కానీ, ఇక్కడ ఓవెన్ తలుపు తీశారనుకో. అప్పుడే ఎవరో ఫ్రిజ్ దగ్గర నిలబడున్నారు. వాళ్ళెటు పోవాలి? రివర్స్ గేరు లేదే మనిషికి."

"కొలతలన్నీ సరిపోయాయి మామయ్యా."

"కొలతలు సరిపోతాయి. మలుపు సరిపోదు."

ఆయన ఊరుకోలేదు. హాల్లో కుర్చీలు జరిపి, ఒకటి ఓవెన్, ఒకటి ఫ్రిజ్ అన్నాడు. కొడుకును ఫ్రిజ్ దగ్గర నిలబెట్టాడు. కోడలి చేతికి ఖాళీ గిన్నె ఇచ్చి, కాగుతున్న నూనె అనుకుని నడవమన్నాడు. ఆవిడ నడిచింది. తిరిగింది. గిన్నె తీసుకెళ్ళి మొగుడి పొట్టకు కొట్టింది.

"పోయాడు" అన్నాడు మామగారు.

కోడలు గిన్నె పక్కన పెట్టి, కంప్యూటరు ముందు కూర్చుని ఫ్రిజ్‌ను అవతలి గోడకు మార్చింది. ఆ ఇంటివాళ్ళు బొమ్మ చూసి, ఇలా ఎవరూ ఆలోచించలేదని ఫోను చేసి మరీ మెచ్చుకున్నారు. ఆనాటినుంచి ఆవిడ గీసిన ఏ వంటిల్లూ మామగారు ఒకసారి చూడకుండా బయటికి పోవడంలేదు. ఆయన మామూలు మనిషిలా చూడడు. చేతులు స్టీరింగు మీద ఉన్నట్టు పెట్టుకుని, తలుపు దగ్గర బయల్దేరి, సింకు దగ్గర ఆగి, గట్టు చుట్టూ తిరిగి వస్తాడు. ఇరుకైన చోట హారన్ కూడా కొడతాడు, నోటితోనే.

మొన్న ఎవరిదో పెద్ద భవంతి పని వచ్చింది. కోడలు చాలా కష్టపడి గీసి, పిలిచి చూపించి, ఊపిరి బిగబట్టి నిలబడింది. ఆయన ఒక రౌండు వేసి వచ్చి కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇక్కడ ఏ ఇబ్బందీ లేదమ్మా" అన్నాడు. "బస్సే తిప్పుకోవచ్చు."